హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చాం, దెబ్బలకు తట్టుకునే టార్చిలైటు ఏది కొనాలి?

కావలి కుర్రోడు:
అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది కావలి పక్కన పల్లె. ఉద్యోగం మీద నేనూ మా ఆవిడా పాపా హ్యూస్టన్ పడమర వైపు అపార్ట్‌మెంట్‌లో దిగాం. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఇక్కడ తుఫాన్ల కాలమనీ, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేమనీ ఆఫీసులో అందరూ అంటున్నారు. టార్చి కొందామని షాపుకి పోతే గోడ నిండా అవే. 10 డాలర్లదీ ఉంది, 120దీ ఉంది. ఆన్‌లైన్‌లో లక్ష ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని రాసినవి కూడా చూశా. చలికాలంలో బిగ్ బెండ్ పార్కుకి పోయి టెంటు వేసుకోవాలని ఉంది. ఇంటికీ బయటికీ పనికొచ్చేది, కిందపడినా పగలనిది ఏదో చెప్పండి.

ఒంగోలు అన్న:
తమ్ముడూ, ఆ లక్ష ల్యూమెన్ల వైపు కన్నెత్తి చూడబాక. జేబులో పట్టే సైజులో అది జరిగే పని కాదు. డబ్బా వెనక ఎఫ్ఎల్1 (టార్చిల్ని కొలిచే అమెరికా ప్రమాణం) గుర్తులున్నాయా అని చూడు. ఆ ప్రమాణం ప్రకారం కొలిచిన కంపెనీ అయితే వెలుతురు ఎంత, ఎంత దూరం పడుద్ది, ఎంతసేపు వెలుగుద్ది, ఎంత ఎత్తు నుంచి పడేసి చూశారు, నీళ్లకి ఎంత ఆగుద్ది అని చిన్న బొమ్మలతో వేస్తారు. అవి లేకపోతే తిరిగి గోడకి తగిలించేయ్.

ఆ అంకెలు ఎట్లా చదవాలో కూడా చెప్తా, ఎందుకంటే అమ్మేవాడు చెప్పడు. దూరం 200 మీటర్లు అని ఉంటే, ఆ 200 మీటర్ల దగ్గర పడే వెలుగు 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత. అక్కడ పడుండేది తాడో పామో తేల్చుకోవాలంటే సగం దూరమే లెక్కలోకి తీసుకో. టైము 20 గంటలు అని ఉంటే, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా పట్టే టైము అది. 20 గంటలూ ఒకే తీరున వెలుగుద్దని కాదు. పడేసే పరీక్షకి కనీసం 1 మీటరు ఎత్తు, కింద కాంక్రీటు. నీళ్ల సంగతికొస్తే ఐపీఎక్స్4 అంటే చినుకులకి ఆగుద్ది, ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు, ఐపీఎక్స్8 అంటే అంతకు మించి. నువ్వు 7కి తగ్గబాక.

వెయ్యి ల్యూమెన్లు దాటిన చిన్న టార్చిలు పెద్ద వెలుగులో పెట్టిన కాసేపటికే చెయ్యి కాలేంత వేడెక్కుతాయి, వెలుగుని వాటంతట అవే తగ్గించుకుంటాయి. కాబట్టి పైఅంకె చూసి డబ్బులు పోయబాక, మధ్యలో ఉండే 100, 300 ల్యూమెన్ల దగ్గర ఎన్ని గంటలు ఆగుద్దో అది చూడు. ఒళ్లు అల్యూమినియం ఉండాల, దాని మీద గట్టి యానడైజింగ్ (లోహం మీద వేసే గట్టి పొర) ఉండాల. మూత దగ్గర రబ్బరు రింగు ఉండాల. ఏడాదికోసారి ఆ రింగుకి సిలికాన్ గ్రీజు కొంచెం రాయి. వాజిలిన్ మాత్రం రాయబాక, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోద్ది.

కోవూరు ఆడపడుచు:
అన్న చెప్పిందంతా కరెక్టే, కానీ చంటిపాప ఉన్న ఇంటికి అది సగమే సమాధానం. తమ్ముడూ, 120 పెట్టి ఒకటి కొనే బదులు 30, 40ల్లో మూడు కొను. ఒకటి మంచం పక్కన, ఒకటి వంటగదిలో, ఒకటి నెత్తికి పెట్టుకునేది. చీకట్లో పాపని ఎత్తుకుని పాలు కలపాలంటే టార్చి ఎక్కడ పట్టుకుంటావు? నెత్తి లైటు లేకుండా ఆ పని కాదు. మా ఇంట్లో పెట్జల్ వాళ్లది ఉంది, ఇంతవరకూ ఇబ్బంది పెట్టలేదు.

గదికి వెలుతురు కావాలంటే టార్చిని నిటారుగా నిలబెట్టి సీలింగు మీదికి వెయ్యి. తెల్ల సీలింగయితే 30 ల్యూమెన్లకే అన్నం తినొచ్చు. అందుకని అడుగు చదునుగా ఉండి తనంతట నిలబడేది చూసుకో. ఇంకోటి, నొక్కగానే ఒకే తీరున వెలిగేది కొను. ఒకసారి నొక్కితే పెద్దది, రెండుసార్లు నొక్కితే మినుకుమినుకు, మూడుసార్లు నొక్కితే ఇంకేదో అయ్యేవి అర్ధరాత్రి నిద్రలో లేచినోళ్లకి పనికిరావు. మీ ఆవిడ చేతికిచ్చి కళ్లు మూసుకుని వెలిగించమను. ఆమె వెలిగించగలిగిందే మంచి టార్చి.

కొవ్వొత్తులు ఇంట్లోకి తేబాక. టార్చి అడిగావు గానీ అడగాల్సిన సంగతి ఇంకోటుంది. గ్యారేజీలో జనరేటరు, లోపల బొగ్గుల పొయ్యి, మూసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వెచ్చబడటం, ఈ మూడూ ప్రాణాలు తీస్తాయి. 2021 ఫిబ్రవరి మంచుకి టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయినోళ్లున్నారు. ఆ గాలికి వాసన ఉండదు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి టార్చితో పాటే కొనేయ్.

కందుకూరు బాబాయ్:
నువ్వు అపార్ట్‌మెంట్‌లో దిగానన్నావు కాబట్టి చెప్తున్నా. టార్చికి మొదటి పని తుఫానులో కాదు, తాళాలు చేతికిచ్చిన రోజునే. నేను చెప్పేది కాస్త పొడుగవుద్ది, ఓపికగా చదువు.

మేము ఈ ఊరొచ్చినప్పుడు సాయంత్రం పూట తాళాలిచ్చారు. పడగ్గదుల్లో సీలింగు లైట్లే లేవు, ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లు అంతే, ల్యాంపు మనమే తెచ్చుకోవాలి. అందుకని టార్చి వేసి చూశాను. పైనుంచి వేస్తే కార్పెట్ శుభ్రంగా ఉంది. టార్చిని నేలకి ఆనించి పక్కవాటుగా వేసేసరికి కిటికీ కింద గట్టిపడిన మైనం చారలు వరసగా కనపడినాయి. ముందున్నోళ్లెవరో కొవ్వొత్తులు పెట్టినట్టుంది. వేలితో గీకితే గోటికి పొలుసుల్లా వచ్చింది. అట్లాగే టార్చి ఆనించి పెట్టి ఫొటోలు తీశా. సింకు కింద పైపు దగ్గర చెక్క ఉబ్బింది, దాన్నీ తీశా. వాళ్లిచ్చిన కండిషన్ ఫారంలో రాసి, ఫొటోలతో ఆఫీసుకి మెయిల్ పెట్టా.

ఖాళీ చేసినాక వచ్చింది లెటరు. కార్పెట్ మీద కొవ్వొత్తి మైనం, గదంతా కొత్త కార్పెట్ వేయాల్సొచ్చింది, డిపాజిట్ మొత్తం దానికే పోయింది, పైన ఇంకా మీరే కట్టాలి అని. ఆఫీసుకి పోతే కౌంటర్లో ఉన్నామె, పాత మేనేజరు మానేశాడు, ఫైల్లో ఫొటోలేమీ లేవు అంది. నేను నా మెయిల్ తేదీతో సహా ప్రింటు తీసి ముందు పెట్టా. చూడను కూడా చూడలేదు, కార్పొరేట్ వాళ్లతో మాట్లాడుకోండి అంది. ఆ నెంబరుకి ఫోన్ చేస్తే మళ్లీ ఆఫీసుకే కలిపారు. ఇంట్లో అందరూ వదిలేయమన్నారు. చేయని తప్పుకి డబ్బులు ఎందుకు వదలాలి?

టెక్సాస్ చట్టంలో స్పష్టంగా ఉంది. 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, కోత పెడితే దేనికెంతో విడివిడిగా రాసివ్వాలి. దురుద్దేశంతో పట్టుకున్నారని కోర్టులో తేలితే 100 డాలర్లూ, అన్యాయంగా పట్టుకున్న దానికి మూడు రెట్లూ, లాయరు ఫీజూ కట్టాలి. ఈ మాటలన్నీ రాసి, ఫొటోలు జతచేసి, జస్టిస్ కోర్టుకి (చిన్న దావాలు చూసే కోర్టు) పోతానని రిజిస్టర్డ్ పోస్టులో పంపించా. చెక్కు వచ్చింది. క్షమాపణ రాలేదు, అయినా చెక్కు వచ్చింది.

అందుకని చెప్తున్నా, ఇవాళే టార్చి నేలకి ఆనించి ఇల్లంతా చూడు. పరుపు కుట్ల దగ్గర, ఫ్రిజ్ వెనక, టాయిలెట్ మొదట్లో. నల్లులుంటే కూడా అప్పుడే తెలుస్తాయి.

ఆత్మకూరు అన్న:
బాబాయ్, ఒక్క సంగతి వదిలేశారు. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇవ్వాలి. అది ఇవ్వనిదే డిపాజిట్ పంపాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. నోటితో చెప్తే చెల్లదు.

ఇక టార్చి. తమ్ముడూ, 21700 సెల్లుతో, యూఎస్‌బీ-సీ ఛార్జింగు ఉండేది ఒకటి కొనుక్కో. ఫీనిక్స్ లాంటి కంపెనీలవి ఉన్నాయి. సెల్లు 21 మిల్లీమీటర్ల లావు, 70 పొడుగు, పెన్సిల్ సెల్లు కంటే ఎన్నో రెట్లు ఆగుద్ది. కారులో ఛార్జింగు పెట్టుకోవచ్చు, పవర్ బ్యాంకుతో పెట్టుకోవచ్చు. సెల్లు మాత్రం పేరున్న కంపెనీదే కొను. 18650 సైజులో (18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు) మంచి సెల్లు 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది. దాని మీద 9900 అని రాసుంటే బోగస్, పేలితే ఇల్లు పోద్ది.

ఒంగోలు అన్న:
ఇక్కడ నేను ఒప్పుకోను. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొన్నిచోట్ల వారం దాటినా రాలేదు. పవర్ బ్యాంకుల్లో ఉన్నదంతా ఫోన్లు తాగేశాయి. కారు స్టార్ట్ చేసి ఛార్జింగు పెట్టుకుందామంటే పెట్రోలు బంకుల దగ్గర క్యూలు. ఆ పూట పనికొచ్చేది ఏఏ పెన్సిల్ సెల్లు టార్చే. కారిపోయే ఆల్కలైన్ సెల్లు కాదు, లితియం ఏఏ. డబ్బాలో పెట్టి మర్చిపోయినా ఏళ్ల తరబడి ఉంటాయి, చలికీ డల్ అవ్వవు. స్ట్రీమ్‌లైట్ కంపెనీ టార్చిలు కొన్నింటిలో సీఆర్123ఏ (పొట్టి లితియం సెల్లు) అయినా ఏఏ అయినా ఏది దొరికితే అది వేసుకోవచ్చు.

ఆత్మకూరు అన్న:
పెన్సిల్ సెల్లుతో బిగ్ బెండ్‌లో రాత్రంతా తిరుగుతారా అన్నా? అది ఊళ్లకి ఎంత దూరమో చూశారా? అక్కడ చెత్తబుట్టలో వేసే సెల్లు సంచి నిండా మోసుకుపోవాలి.

ఒంగోలు అన్న:
బిగ్ బెండ్ 2012 నుంచి చీకటి ఆకాశం పార్కు. జనం అక్కడికి పోయేది నక్షత్రాలు చూడ్డానికి. అక్కడ కావాల్సింది ఎర్ర లైటు, పక్క టెంటోళ్ల కళ్లలో కొట్టే సెర్చిలైటు కాదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఒక్కసారి తెల్లలైటు పడితే మళ్లీ అరగంట పడుద్ది.

కోవూరు ఆడపడుచు:
అన్నయ్యలూ, ఇంట్లోకి ఏఏది, బయటికి ఛార్జింగుది. రెండూ కొంటాడు. ఏప్రిల్ చివరి సోమవారం, దానికి ముందొచ్చే శని, ఆదివారాల్లో టెక్సాస్‌లో తుఫాను సామాన్ల మీద సేల్స్ ట్యాక్స్ ఉండదు. టార్చిలు, బ్యాటరీలు 75 డాలర్ల లోపువైతే హ్యూస్టన్‌లో 8.25 శాతం మిగులుద్ది.

ఆత్మకూరు అన్న:
75 దాటితే 75 వరకూ మినహాయింపు, పైదానికే ట్యాక్స్.

కందుకూరు బాబాయ్:
కాదు. దాటిందంటే మొత్తానికీ పడుద్ది. ఆన్‌లైన్‌లో కొంటే పంపే ఛార్జీ కూడా ధరలో కలుపుతారు. 72 డాలర్ల వస్తువుకి 6 డాలర్ల షిప్పింగు పడితే మినహాయింపు పోయినట్టే.

అల్లూరు పెద్దాయన:
నేను ఎప్పుడో గానీ రాయను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకి నేను ఊళ్లోనే ఉన్నా. గే అని పేరు దానికి, థాయిలాండు మీదుగా వచ్చింది. పెంకులు లేచిపోతావుంటే మా నాయన మూడు సెల్లు ఎవరెడీ టార్చిని మణికట్టుకి తాడేసి కట్టుకున్నాడు. గాలికి తలుపు కొట్టుకుని చెయ్యి జారింది గానీ టార్చి పోలేదు. బాబూ, నువ్వు ఏది కొన్నా దానికి తాడు కట్టే కన్నం ఉందా చూసుకో. ఇంట్లో టార్చికి ఒకే చోటు ఉండాల, పాపకి కూడా తెలియాల. వాడని టార్చిలో ఆల్కలైన్ సెల్లు ఉంచబాక, కారి లోపలంతా పాడైపోద్ది. సెల్లు పక్కనే వేరే సంచిలో పెట్టు.

నీళ్లొచ్చిన వీధిలో టార్చి ఉంది కదా అని దిగబాక. తెగిన తీగ నీళ్లలో కనపడదు.

కావలి కుర్రోడు:
అందరికీ దండాలు. బాబాయ్ చెప్పినట్టు రాత్రి టార్చి నేలకి ఆనించి చూస్తే హాల్లో తలుపు దగ్గర పెద్ద మరక బయటపడింది, ఫొటోలు పంపించేశా. ఇంకో మాట. మా నాయనకి రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట కట్టల మీద తిరుగుతాడు, చెక్ ట్రే ఎత్తి మేత తిన్నాయా లేదా చూస్తాడు. సంక్రాంతికి పోయేటప్పుడు ఆయనకి ఏది తీసుకుపోను? విమానంలో రానిస్తారా?

ఆత్మకూరు అన్న:
ట్రే ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, నెత్తి లైటే తీసుకుపో. టార్చి వేస్తే రొయ్య కళ్లు ఎర్రగా మెరుస్తాయి కదా, దానికి పెద్ద పవరు అక్కర్లేదు, వెలుగు వెడల్పుగా పడాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టని ఒళ్లు చూసుకో. విమానంలో విడి లితియం సెల్లు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే పెట్టాలి, ఒక్కో దాన్ని విడిగా ప్లాస్టిక్ డబ్బాలోనో సంచిలోనో పెట్టాలి. 100 వాట్ అవర్ల (సెల్లులో పట్టే కరెంటు లెక్క) లోపు రానిస్తారు, 18650 సెల్లు 13 కూడా దాటదు. టార్చిలో ఉన్న సెల్లుకి మూత పావు చుట్టు వదులు చెయ్, సంచిలో దానంతట అది వెలిగి కాలకుండా.

ఒంగోలు అన్న:
ఆయనకి మాత్రం పెన్సిల్ సెల్లుదే పట్టుకుపో తమ్ముడూ. అర్ధరాత్రి గుంట కట్ట మీద ఆగిపోతే అల్లూరు బడ్డీకొట్లో కూడా దొరుకుద్ది.