స్లోప్ కౌంటీ జనాభా నూరేళ్లలో 4,940 నుంచి 706కు ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: పెన్నాతీరం

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే వైద్య శిక్షణ) చివరి సంవత్సరంలో ఉన్న వైద్యురాలిని. జే-1 వీసా మీద వచ్చినందువల్ల, శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే నిబంధన నాకు వర్తిస్తుంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసేవారికి ఆ నిబంధన నుంచి మినహాయింపునిచ్చే కాన్రాడ్ పథకం కింద, ఉత్తర డకోటా రాష్ట్రం నైరుతి మూలనున్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి నాకు పిలుపు వచ్చింది. అక్కడికి వచ్చే రోగులలో కొందరు స్లోప్ అనే కౌంటీ (మన జిల్లా వంటిది) నుంచి వస్తారని చెప్పగా, ఆ కౌంటీ వివరాలు తీసి చూశాను.

చూసినప్పటి నుంచి నాకు ఆశ్చర్యం తీరడం లేదు. విస్తీర్ణం సుమారు 3,150 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారం జనాభా 706. మన హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లలో 2011 నాటికే 39 లక్షల మందికి పైగా ఉన్నారు. ఈ కౌంటీలోని మొత్తం జనాన్ని మన వైపు పెళ్లిలో రెండు బంతుల్లో కూర్చోబెట్టి భోజనాలు పెట్టేయవచ్చు. పైగా 1920లో ఇదే కౌంటీలో 4,940 మంది ఉండేవారట. అక్కడ కరవు వచ్చిందా, గనులు మూతపడ్డాయా, లేక ఇంకేదైనా జరిగిందా? ఆ నేల ఎటువంటిదో, ఈ తగ్గుదల ఇంకా సాగుతుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పటాలపిచ్చి

పెన్నాతీరం గారూ, ముందు పటం తెరిచి మిస్సోరి నదిని చూడండి. ఉత్తర డకోటా భౌగోళికమంతా ఆ నదికి అటూ ఇటూ అన్న తేడా మీదే ఉంది. నదికి తూర్పున, ఉత్తరాన ఉన్న భూమిని హిమయుగపు మంచు పలకలు చదును చేసి, మట్టి పరచి, వేల కొద్దీ గుంటలనూ కొలనులనూ వదిలి వెళ్లాయి. రాష్ట్రపు నైరుతి మూలకు ఆ మంచు చేరలేదు. అందువల్ల స్లోప్ కౌంటీలో మీకు బల్లపరుపు మైదానం కనిపించదు. ఎగుడుదిగుడు గడ్డి భూములు, వాటి మధ్య ఒంటరిగా నిలిచిన గుట్టలు, పడమటి భాగాన లిటిల్ మిస్సోరి నది కోసుకుపోయిన బ్యాడ్‌ల్యాండ్స్ అనే గండ్లు పడిన బంజరు నేలలు కనిపిస్తాయి. రాష్ట్రంలోకెల్లా ఎత్తైన చోటు, 3,506 అడుగుల వైట్ బ్యూట్, ఈ కౌంటీలోనే ఉంది. మిస్సోరి వైపు వాలుగా ఉన్న ఈ ప్రాంతాన్ని మొత్తంగా మిస్సోరి స్లోప్ అంటారు. కౌంటీ పేరు అక్కడి నుంచే వచ్చింది.

నేల కింద లిగ్నైట్ బొగ్గు పొరలున్నాయి. కొన్ని పొరలు ఏ పిడుగుకో కార్చిచ్చుకో అంటుకుని ఏళ్ల తరబడి లోలోపల కాలడం వల్ల, వాటి పైనున్న బంకమట్టి ఇటుకలా కాలి ఎర్రబడింది. స్థానికులు దాన్ని స్కోరియా అంటారు. కంకరకు బదులు దాన్నే రోడ్ల మీద పరుస్తారు కాబట్టి, ఆకుపచ్చ గడ్డి మధ్య ఎర్రటి దారులు దూరం నుంచే కనిపిస్తాయి. పడమటి అంచున మార్మార్త్ దగ్గర హెల్ క్రీక్ అనే రాతి పొరల వరుస బయటపడి ఉంది. డైనోసార్ల చివరి కాలపు ఎముకలు అందులో దొరుకుతాయి. చర్మపు ముద్రలతో సహా శిలాజమైన ఎడ్మాంటోసారస్ అనే డైనోసార్ ఒకటి కూడా ఆ చుట్టుపక్కలే దొరికింది.

ఇక జనాభా. కౌంటీ ఏర్పడింది 1915లో, అంటే మనం చూస్తున్న చరిత్ర చాలా పొట్టిది. 1920లో 4,940, 1930లో 4,150, 1940లో 2,932, 1950లో 2,315, 1960లో 1,893, 1970లో 1,484, 1980లో 1,157, 1990లో 907, 2000లో 767, 2010లో 727, 2020లో 706. ఈ వరుసలో నాకు ముఖ్యంగా కనిపించేవి రెండు సంగతులు. మొదటిది, కౌంటీ కిటకిటలాడిన రోజంటూ ఎన్నడూ లేదు. 1920లో కూడా చదరపు మైలుకు నలుగురే ఉన్నారు. రెండవది, 1930 తరువాతి పదేళ్లలో దాదాపు ముప్పై శాతం జనం వెళ్లిపోయారు. ఆ దశాబ్దపు కరవు అందరికీ తెలిసిందే. 1936లో ఈ రాష్ట్రంలో ఫిబ్రవరిలో సున్నాకు దిగువన 51 డిగ్రీల సెల్సియస్, జూలైలో 49 డిగ్రీలు నమోదయ్యాయి. అయితే వానలు తిరిగి పడ్డాక కూడా జనం తగ్గుతూనే వచ్చారు గనుక, కరవు ఒక్కటే కారణమంటే లెక్క కుదరదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కౌంటీ కేంద్రమైన ఆమిడన్ జనాభా 2010లో 20, 2020లో 24. దీన్ని చూసి ఊరు పెరుగుతోందని ఎవరైనా అంటే నమ్మవద్దు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా 2020 జనగణనలో రాష్ట్ర మొత్తాలకు దిగువ స్థాయి అంకెలలో కావాలనే కొద్దిపాటి మార్పులు చేశారు. నెబ్రాస్కాలో ఒకే ఒక్క మనిషి ఉండే మోనోవై అనే ఊరికి ఇద్దరని లెక్క వచ్చింది అందుకే. లక్షల జనాభా ఉన్నచోట ఈ తేడా లెక్కలోకి రాదు. ఇరవై మంది ఉన్న ఊరిలో ఆ అంకెను ఆధారం చేసుకుని ఏమీ చెప్పలేము.

జవాబు: మెట్టసేద్యం

కారణం భూమి పంపకంలో ఉందని నా అభిప్రాయం. నేను అనంతపురం వైపు మెట్ట పంటలతో పనిచేసేవాణ్ని కాబట్టి ఈ కథ నాకు బాగానే అర్థమవుతుంది.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం సాగు చేసుకుంటామన్న కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేవారు. నేలను ఆరు మైళ్ల చదరాలుగా కొలిచి, ఒక్కొక్కదాన్ని చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు చేసి, ఒక సెక్షన్‌లోని 640 ఎకరాలలో నాలుగోవంతు ఒక్కొక్కరికి కేటాయించారు. తడి ఎక్కువగా ఉండే అయోవా వంటి చోట్ల 160 ఎకరాలతో ఒక కుటుంబం హాయిగా బతకగలదు. స్లోప్ వైపు ఏడాదికి పడే వాన సుమారు 380 మిల్లీమీటర్లు. అనంతపురం సగటు 550 అని గుర్తుంచుకుంటే దాని అర్థం తెలుస్తుంది. పడమటి పొడి నేలల్లో ఒక్కో కుటుంబానికి 2,560 ఎకరాల పశువుల మేతభూమి ఉండాలని భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ 1878లోనే నివేదిక రాశాడు. అది ఎవరికీ నచ్చలేదు. చివరికి 1909 చట్టం పొడి ప్రాంతాలకు వాటాను 320 ఎకరాలు చేసింది. దాన్ని తరువాత ఉత్తర డకోటాకూ వర్తింపజేశారు.

అంతకంటే తక్కువ వానలో గోధుమ ఎలా పండుతుందని మీరు అడగవచ్చు. అక్కడి వానలో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది, జూన్ నెల అన్నిటికంటే తడిగా ఉంటుంది, ఎండ తీవ్రత మన దగ్గరంత లేకపోవడం వల్ల నేలలోని తేమ అంత త్వరగా ఆవిరి కాదు. వసంతంలో విత్తిన గోధుమ ఆగస్టుకు కోతకు వస్తుంది. అయితే ఎకరాకు వచ్చే దిగుబడి తక్కువ, నమ్మకమూ తక్కువ. కాబట్టి ఆదాయం పెంచుకోవాలంటే ఎకరాలు పెంచుకోవడం తప్ప మరో దారి లేదు. ట్రాక్టరు, కంబైన్ (కోత, నూర్పిడి యంత్రం) వచ్చాక ఒక కుటుంబం వేల ఎకరాలు సాగు చేయగలిగింది. పొరుగువాడు అమ్ముకుని వెళ్లినప్పుడల్లా పక్కవాడి కమతం పెద్దదైంది. ఇప్పుడు రాష్ట్రంలో సగటు కమతం సుమారు 1,500 ఎకరాలు. మన దగ్గర తరతరానికీ చెక్కలైపోయే భూమికి ఇది సరిగ్గా తలకిందులు.

1930లలో నిలదొక్కుకోలేకపోయిన కమతాలను ఫెడరల్ ప్రభుత్వమే కొనేసి, దుక్కి ఆపించి గడ్డికి వదిలిపెట్టింది. ఈనాటి లిటిల్ మిస్సోరి జాతీయ గడ్డిభూమి అలా వచ్చిందే. పది లక్షల ఎకరాలు దాటిన ఆ భూమిలో ఒక భాగం స్లోప్ కౌంటీలో ఉంది. చుట్టుపక్కల రైతులు రుసుము కట్టి అందులో పశువులను మేపుకుంటారు.

మార్మార్త్ కథ కొంత వేరు. 1907 ప్రాంతంలో మిల్వాకీ రైలు మార్గం వేసినప్పుడు ఆవిరి ఇంజన్లూ సిబ్బందీ మారే స్టేషన్‌గా అది పుట్టింది, 1920లో వెయ్యి మందికి పైగా ఉన్న ఊరు. డీజిల్ ఇంజన్లు వచ్చాక ఆ పని అక్కరలేకపోయింది. 2020లో అక్కడ ఉన్నది 101 మంది. అయినా కౌంటీలో అదే పెద్ద ఊరు.

జవాబు: గోదారిగట్టు

పై ఇద్దరి లెక్కలతో నాకు పేచీ లేదు గానీ, 1920ని మొదటి అంకెగా పెట్టుకోవడం వల్ల అంతకుముందు అక్కడ ఎవరూ లేరన్న భ్రమ కలుగుతుంది. 1851 ఫోర్ట్ లారమీ ఒడంబడికలో ఈ వైపు భూమిలో ఎక్కువ భాగాన్ని మాండన్, హిడాట్సా, అరికారా అనే ఆదివాసీ జాతుల భూమిగా అమెరికా ప్రభుత్వమే గుర్తించింది. లకోటా తెగవారు కూడా ఇక్కడ అడవిదున్నల వేటకు వచ్చేవారు. 1880ల తొలి సంవత్సరాలలో ఉత్తరాది దున్నల మంద పూర్తిగా వేటకు బలైపోయింది, తెగలను రిజర్వేషన్లకు, అంటే వారికోసం విడిగా కేటాయించిన ప్రాంతాలకు, పరిమితం చేశారు. హోమ్‌స్టెడ్ కాగితాల మీద ఖాళీగా కనిపించిన నేల ఆ విధంగా ఖాళీ అయినదే. ఆ మూడు జాతుల వారు ఇప్పుడు ఉత్తరాన ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో ఉన్నారు. డాక్టరు గారు అక్కడ పనిచేయబోతున్నారు గనుక ఈ మాట రాశాను.

ప్రశ్న కొనసాగింపు: పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. నా అనుమానం మరొకటి ఉంది. ఉత్తర డకోటాలో చమురు పడి జనం పోటెత్తారని చదివాను. ఆ పెరుగుదల ఈ మూలకు ఎందుకు రాలేదు? మూడేళ్లకు సంతకం పెట్టాక రోగులే లేక ఆసుపత్రి మూతపడే స్థితి వస్తుందా?

జవాబు: ఫార్గోవాసి

అమ్మా, చమురు వచ్చిన మాట నిజమే. రాష్ట్ర జనాభా 1930లో 6,80,845. ఆ అంకెను దాటిన తొలి జనగణన 2020 నాటిదే, అప్పుడు 7,79,094. కానీ బాకెన్ చమురు పొర నుంచి ఎక్కువగా తోడేది ఇంకా ఉత్తరాన. మెకెంజీ కౌంటీ 2010లో 6,360 నుంచి 2020కి 14,704కు చేరింది. విలియమ్స్ కౌంటీ 22,398 నుంచి 40,950కి. స్లోప్, దాని పొరుగున ఉన్న బౌమన్ కౌంటీల వైపు కూడా చమురు బావులున్నాయి గానీ, అవి వేరే పొరలవి. ఆ దశాబ్దంలోనే బౌమన్ కౌంటీ 3,151 నుంచి 2,993కు తగ్గింది. ఉత్తరాన డికిన్సన్ మాత్రం 25,679 మందితో అసలైన పట్టణంగా ఎదిగింది.

రోగుల సంగతికి వస్తే, స్లోప్ అంకెలను మళ్లీ చూడండి: 2000 నుంచి ఇరవై ఏళ్లలో తగ్గినది 61 మంది. వెళ్లేవారు చాలావరకు వెళ్లిపోయారు. ఉన్నవారు పెద్ద కమతాల మీద నిలదొక్కుకున్న కుటుంబాలు. మూడేళ్లలో మీ ఓపీ ఖాళీ అయిపోయేంత మార్పు వస్తుందని నేను అనుకోను. నిజానికి పల్లె ఆసుపత్రికి కష్టం జనం తగ్గడం కంటే, ఉన్న కొద్దిమందికీ రాత్రింబవళ్లు డాక్టరునూ నర్సునూ అందుబాటులో ఉంచడానికయ్యే ఖర్చులోనే ఉంటుంది. మీరు ప్రస్తావించిన పథకం కెంట్ కాన్రాడ్ పేరు మీద ఉంది కదా, ఆయన అప్పట్లో ఈ రాష్ట్రపు సెనేటరే. 1994లో ఆ చట్టం రావడానికి ఇటువంటి కౌంటీలే కారణం.

మీ పనికి నేరుగా తగిలే సంగతులు కొన్ని చెబుతాను. ఆ మూల మౌంటెన్ టైమ్‌లో ఉంటుంది, పెద్ద ఆసుపత్రులున్న బిస్మార్క్ సెంట్రల్ టైమ్‌లో. నిపుణులతో వీడియో సంప్రదింపులు పెట్టుకునేటప్పుడు గంట తేడా చూసుకోండి. దూరం వంద మైళ్లకు పైమాటే. చలికాలంలో గాలికి మంచు లేచి రోడ్డు కనిపించనప్పుడు ప్రయాణం వద్దని అధికారులు ప్రకటిస్తారు. ఆ పూట అంబులెన్సు నెమ్మదిగా సాగుతుంది, హెలికాప్టరు ఎగరకపోవచ్చు. అంటే పెద్దాసుపత్రికి పంపవలసిన రోగిని కొన్ని గంటలపాటు మీరే చూసుకోవలసిన రోజులుంటాయి. కారు కొనేటప్పుడు ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ఉందో లేదో అడగండి. ఇక్కడ రాత్రిపూట కారు ముందు నుంచి వేలాడే వైరును గోడ ప్లగ్గుకు తగిలించడం అందరికీ అలవాటే.

సంతకం పెట్టే ముందు ఆసుపత్రి వారిని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగమని నా సలహా. రాత్రి పిలుపులను ఎంతమంది డాక్టర్లు పంచుకుంటారు, వారిలో ఒకరు మానేస్తే ఆ భారం ఎవరిమీద పడుతుంది? రోగిని తరలించడానికి బిస్మార్క్, డికిన్సన్‌లలో దేనితో ఒప్పందం ఉంది, రోడ్డు మూసిన రోజున ఏం చేస్తారు?