దుబాయ్‌లో టీచర్ జీతంతో ఇల్లు: మీరెక్కడ, ఎలా చూసుకున్నారు?

ఒంగోలు_ఫిజిక్స్:
అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో చేరుతున్నాను. స్కూలు ముహైస్నా వైపు. జీతం అన్నీ కలిపి 6,000 దిర్హమ్‌లు, ఇల్లు మాత్రం మనమే చూసుకోవాలట. ముందు నేనొక్కదాన్నే వస్తాను. మావారు, పాప వేసవి సెలవులయ్యాక వస్తారు. యాప్‌లలో చూస్తే అద్దెలన్నీ ఏడాదికి లెక్కగట్టి పెడుతున్నారు, నాలుగు చెక్కులు, ఆరు చెక్కులు అని రాస్తున్నారు. మన దగ్గరలా అడ్వాన్సు ఇచ్చి నెలనెలా అద్దె కట్టే పద్ధతి అక్కడ లేదా? చాలా టెన్షన్‌గా ఉంది. అక్కడున్న టీచర్లు కాస్త వివరంగా చెప్పండి.

కుసైస్_కెమిస్ట్రీ_సర్:
స్వాగతం మేడం. చెక్కుల సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇక్కడ ఒప్పందం ఏడాదికి ఉంటుంది. ఏడాది అద్దెను ఒకటి, రెండు, నాలుగు, ఆరు చెక్కులుగా విడగొట్టి, తారీఖులు వేసి, అన్నీ ఒకేసారి ఓనర్ చేతిలో పెట్టాలి. చెక్కులు ఎంత తక్కువైతే అద్దె అంత తగ్గుతుంది. పన్నెండు చెక్కులు ఒప్పుకునే వాళ్లూ ఉన్నారు కానీ వాళ్లు అద్దె ఎక్కువ చెప్తారు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడండి. ఏడాదికి 45,000 దిర్హమ్‌ల స్టూడియో, నాలుగు చెక్కులు అనుకుందాం. మొదటి చెక్కు 11,250. సెక్యూరిటీ డిపాజిట్ మామూలుగా 5 శాతం, అంటే 2,250. ఫర్నిచర్‌తో ఇస్తే 10 శాతం అడుగుతారు. ఏజెంట్ కమీషన్ మరో 5 శాతం, దాని మీద వ్యాట్. కరెంటు, నీళ్లకు దేవా వాళ్ల దగ్గర ఫ్లాట్‌కి 2,000 డిపాజిట్, పైన కనెక్షన్ ఫీజు. ఎజారీ, అంటే అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే రిజిస్ట్రేషన్, 200 పైచిలుకు. మొత్తం కలిపితే తాళం చేతికి రావడానికే 18,000 దాటుతుంది. అంటే మీ మూడు నెలల జీతం. ఇంకా మంచం, ఫ్రిజ్ కొనలేదు. అందుకే కొత్తగా వచ్చే వాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: అద్దె ఎంత అని కాదు, మొదటి రోజు చేతిలో ఎంత ఉండాలి అని అడగండి.

ఇంకోటి, నెలనెలా దేవా బిల్లులో హౌసింగ్ ఫీజు అని వస్తుంది. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు నెలలకు పంచి వేస్తారు. పై లెక్కలో నెలకు 187 దిర్హమ్‌లు. యాడ్‌లలో ఇది కనపడదు.

షార్జా_సోషల్:
సర్ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే మేం షార్జాలో ఉంటున్నాం. మువైలాలో మా వన్ బీహెచ్‌కే అద్దెకి దుబాయ్‌లో మంచి స్టూడియో కూడా రాదు. షార్జాలో ఇంకో మేలు, 2024లో వచ్చిన అద్దె చట్టం ప్రకారం ఒప్పందం మొదలైన మూడేళ్ల దాకా మనం ఒప్పుకుంటే తప్ప ఓనర్ అద్దె పెంచడానికి లేదు. పిల్లలున్న ఇంటికి ఆ నిశ్చింత చాలా పెద్దది.

ఒక జాగ్రత్త. నహ్దా అనే పేరు రెండు వైపులా ఉంది, దుబాయ్ నహ్దా, షార్జా నహ్దా. మధ్యలో రోడ్డే అడ్డం. యాడ్‌లో ఉత్త ‘అల్ నహ్దా’ అని ఉంటే ఏ వైపో ముందే అడగండి. అద్దె, కరెంటు ఆఫీసు, రిజిస్ట్రేషన్ అన్నీ మారిపోతాయి.

కుసైస్_కెమిస్ట్రీ_సర్:
షార్జా మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. షార్జా నుంచి దుబాయ్ వచ్చే ఇత్తిహాద్ రోడ్డు పొద్దున ఆరు గంటలకే నిండిపోతుంది. కారు ఉంటే మమ్జార్ దగ్గర సాలిక్ టోల్, 2025 జనవరి చివరి నుంచి రద్దీ వేళల్లో ఒక్కోసారికి 6 దిర్హమ్‌లు. స్కూల్లో సైన్ ఇన్ ఏడింటికి ముందే అయిపోవాలి. లేటైతే జీతంలో కోత పెట్టే స్కూళ్లు ఉన్నాయి. మిగిలిన డబ్బు దారి ఖర్చుకీ, నిద్ర లేమికీ పోతుంది.

కరీంనగర్_బయాలజీ:
మీరిద్దరూ స్కూల్ బస్సు సంగతి వదిలేశారు. మేడం, ఇల్లు వెతికే ముందు మీ స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేసి బస్సు రూట్లు అడగండి. మా స్కూల్లో సగం మంది టీచర్లం పిల్లల బస్సులోనే వస్తాం. దారి ఖర్చు లేదు, డ్రైవింగ్ లైసెన్స్ కోసం వేలు పోయక్కర్లేదు. బస్సు లేటైతే అది స్కూల్ బస్సే కాబట్టి మనల్ని ఎవరూ ఏమీ అనరు. షార్జా రూట్ కూడా చాలా స్కూళ్లకు ఉంటుంది. కాకపోతే అది పొద్దున అన్నిటికన్నా ముందు బయల్దేరే బస్సు. మా కొలీగ్ ఒకామె 5:20కి కింద నిలబడుతుంది.

నేను బస్సు స్టాపు చూసుకుని ఆ చుట్టుపక్కల నాలుగు బిల్డింగుల్లోనే వెతికాను. వాచ్‌మన్‌లను నేరుగా అడిగాను. యాప్‌లో పెట్టకముందే ఏ ఫ్లాట్ ఖాళీ అవుతోందో వాళ్లకు తెలుస్తుంది. ఓనర్ తరఫు రియల్ ఎస్టేట్ ఆఫీసు ఆ బిల్డింగును నేరుగా చూసుకుంటుంటే కొన్నిసార్లు ఏజెంట్ కమీషన్ కూడా ఉండదు. నాకు అలానే మిగిలింది.

ఒంగోలు_ఫిజిక్స్:
బస్సు రూట్ ఆలోచన నాకు అసలు తట్టలేదు, థాంక్యూ అక్కా. రేపే స్కూలుకి మెయిల్ పెడతాను. మొదటి మూడు, నాలుగు నెలలు ఒక్కదాన్నే కదా, షేరింగ్‌లో ఉండొచ్చా? చెక్కుబుక్ కూడా వెంటనే రాదట కదా.

కాకినాడ_ప్రీప్రైమరీ:
రాదు మేడం. మెడికల్, బయోమెట్రిక్ అయి ఎమిరేట్స్ ఐడీ చేతికి రావాలి, తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే చెక్కుబుక్. అందుకే మొదట్లో షేరింగ్ తప్పదు, చెక్కులు లేకుండా నెలవారీగా ఎక్కువగా దొరికేది అదే. మీ స్కూల్ హెచ్‌ఆర్‌ని సిగ్గుపడకుండా అడగండి, మొదటి నెల స్టాఫ్ అకామడేషన్‌లో ఉండనిస్తారా అని. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

నేను కుసైస్‌లో ఒక మలయాళీ కుటుంబంతో ఉన్నాను. గది నాది, అటాచ్డ్ బాత్రూమ్, వంటిల్లు కలిపి వాడుకోవాలి. ముందే మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పొద్దున ఐదింటికి స్టవ్ ఎవరిది? టీచర్ ఇంట్లో ఇది చాలా పెద్ద ప్రశ్న, లంచ్ బాక్స్ అప్పుడే కట్టాలి. ఫ్రిజ్‌లో మీ అర ఏది? చుట్టాలు వస్తే రెండు రోజులు ఉండొచ్చా? దేవా బిల్లు అద్దెలోనే కలిసిందా, ఎండాకాలంలో ఏసీకి విడిగా అడుగుతారా? మాట్లాడుకున్నవన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి ‘ఓకే’ అనిపించుకోండి.

హాల్లో ప్లైవుడ్ గోడ కట్టి ఇచ్చే పార్టిషన్‌లోకి మాత్రం వెళ్లొద్దు. ఎంత చవకైనా సరే. 2025 జూన్‌లో మునిసిపాలిటీ వాళ్లు రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా లాంటి చోట్ల తనిఖీలు చేసి అనుమతి లేని పార్టిషన్లు తీయించారు. ఉన్నవాళ్లు సామానుతో వీధిలో పడ్డారు. అగ్ని ప్రమాదం జరిగితే తప్పించుకునే దారి కూడా ఉండదు వాటిలో.

కరీంనగర్_బయాలజీ:
ఇంకొకటి కలుపుతాను. షేరింగ్‌లో ఉంటే ఎజారీ సాధారణంగా ఫ్లాట్ తీసుకున్న వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఫ్యామిలీ వీసాకి అప్లై చేసేటప్పుడు మీ పేరు మీద ఎజారీ అడుగుతారు. కాబట్టి మీవారు, పాప వచ్చే ముందే సొంత ఒప్పందం అయిపోవాలి. మీరు షేరింగ్‌లో ఉన్నా సరే, మిమ్మల్ని దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో కో ఆక్యుపెంట్‌గా, అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరిగా, చేర్చమని ఆ ఫ్లాట్ వాళ్లని అడగండి. చేర్చం అంటున్నారంటే, ఓనర్‌కి తెలియకుండా గది ఇస్తున్నారేమో అని అనుమానించాలి. ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఫ్లాట్‌ని మరొకరికి అద్దెకివ్వడం ఇక్కడి 2007 అద్దె చట్టం ప్రకారం కుదరదు. జులై, ఆగస్టు సెలవుల్లో ఇండియా వెళ్తూ ఇల్లు ఎవరికో ఇచ్చి వెళ్లే టీచర్లకి కూడా ఇదే వర్తిస్తుంది.

రాజంపేట_డ్రైవర్:
నేను టీచర్ని కాదమ్మా, చాలా ఏళ్లుగా ఇక్కడ డ్రైవర్‌గా ఉన్నాను. మనవాళ్లు మోసపోవడం కళ్లారా చూసినవాణ్ని కాబట్టి రాస్తున్నా.

చుట్టుపక్కల అందరూ 50,000 అంటుంటే ఒకడే 35,000కి ఇస్తానంటాడు. ‘చాలామంది అడుగుతున్నారు, వెయ్యి పంపి బుక్ చేసుకోండి’ అంటాడు. ఇండియా నుంచి ఒక్క రూపాయి పంపొద్దు. ఇల్లు కళ్లతో చూడకుండా ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు. ఏజెంట్‌కి రేరా (ఇక్కడి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కార్డు ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది, దుబాయ్ రెస్ట్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

రెండో రకం మోసం ఇంకా పెద్దది. ఏదో ఒక కంపెనీ, బిల్డింగ్ ఓనర్ దగ్గర ఫ్లాట్లు తీసుకుంటుంది, ఓనర్‌కి కొన్ని చెక్కులు ఇస్తుంది. మనకి మార్కెట్ కంటే తక్కువకి ఇస్తానని ఏడాది డబ్బు ఒకే చెక్కుగా తీసుకుంటుంది. రెండు నెలలయ్యాక కంపెనీ మాయం, వాళ్లిచ్చిన చెక్కులు బౌన్స్, ఓనర్ మన తలుపు కొడతాడు. మా ఊరి కుర్రాడొకడు అలా ఏడాది అద్దె రెండుసార్లు కట్టాడు. కాబట్టి టైటిల్ డీడ్, అంటే ఫ్లాట్ యాజమాన్య పత్రం, కాపీ అడగండి. దాని మీదున్న పేరు, ఒప్పందంలో ఓనర్ పేరు, చెక్కు మీద మీరు రాసే పేరు ఒకటే అయి ఉండాలి. వేరే వాళ్ల పేరున రాయమంటే పవర్ ఆఫ్ అటార్నీ చూపించమనండి. నగదు ఇవ్వొద్దు.

కాకినాడ_ప్రీప్రైమరీ:
అన్నయ్య గారు చెప్పింది ప్రింట్ తీసి పెట్టుకోవాల్సిన మాట.

షార్జా_సోషల్:
ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఎండ నేరుగా కొట్టే గదిలో ఏసీ వేసి పావుగంట కూర్చోండి. చల్లబడకపోతే జూన్‌లో ఆ గదిలో నిద్రపోలేరు. సింక్ కింద తలుపు తీసి ఫోన్ టార్చ్ వేసి చూడండి, పైపు చుట్టూ సందులు ఉంటే బొద్దింకలు అక్కడి నుంచే వస్తాయి. షవర్, వంటింటి కుళాయి రెండూ ఒకేసారి తిప్పి నీళ్ల ధార చూడండి. ‘చిల్లర్ ఫ్రీ’ అంటే ఏసీ చల్లదనం ఖర్చు అద్దెలోనే ఉందని. అది లేకపోతే కూలింగ్ కంపెనీకి విడిగా డిపాజిట్, నెలనెలా బిల్లు. అద్దె తక్కువ కనిపించే కొత్త బిల్డింగుల్లో ఈ బిల్లే నడ్డి విరుస్తుంది.

కుసైస్_కెమిస్ట్రీ_సర్:
దుబాయ్‌లో అద్దె పెంచడం గురించి కూడా తెలుసుకోండి. ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి, లేకపోతే పెంచడానికి లేదు. ఎంత పెంచాలన్నదీ ఓనర్ ఇష్టం కాదు. 2013 నాటి 43వ డిక్రీ ప్రకారం మీ అద్దె మార్కెట్ సగటు కంటే 10 శాతం లోపు తక్కువుంటే అసలు పెంచకూడదు, అంతకన్నా తక్కువుంటేనే, ఎంత తక్కువన్నదాన్ని బట్టి 5 నుంచి 20 శాతం వరకు అనుమతి. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో మీ బిల్డింగ్ వివరాలు వేస్తే ఎంత పెంచొచ్చో అదే చెప్తుంది. 2025 జనవరి నుంచి బిల్డింగ్ నాణ్యతను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. మా ఓనర్ 8,000 పెంచుతానంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ మర్యాదగా పంపాను, పాత అద్దెకే రెన్యువల్ చేశాడు. గొడవ పడక్కర్లేదు, కాగితం చూపిస్తే చాలు.

ఒంగోలు_ఫిజిక్స్:
అందరికీ చాలా థాంక్స్. మొదట కుసైస్‌లో ఫ్యామిలీ షేరింగ్, ఆగస్టు లోపల బస్సు రూట్‌లో స్టూడియో, ఇలా అనుకుంటున్నాను. చివరిగా ఒక్క సందేహం. వన్ బీహెచ్‌కే తీసుకుని హాల్లో సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటే అద్దెకి కొంత కలిసొస్తుందా? స్కూలు ఊరుకుంటుందా?

కరీంనగర్_బయాలజీ:
అనుమతి లేకుండా వద్దు. 2023 డిసెంబర్ నుంచి ప్రైవేట్ ట్యూషన్లకి ప్రభుత్వమే పర్మిట్ ఇస్తోంది. ఫీజు లేదు, రెండేళ్లు చెల్లుతుంది, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి. మీ స్కూలు నుంచి నో అబ్జెక్షన్ లెటర్ కావాలి, ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. పర్మిట్ చేతికి వచ్చే దాకా ఆ ఆదాయాన్ని అద్దె లెక్కలో వేసుకోకండి.

నిజామాబాద్_హిందీ_టీచర్:
మధ్యలో వేరే ప్రశ్న, ఇదే చర్చలో అడుగుతున్నాను. నేను మార్చిలో స్కూలు మారి అబుదాబీ వెళ్తున్నాను. ఫ్లాట్ ఒప్పందం జూన్ దాకా ఉంది. డిపాజిట్ తిరిగొస్తుందా?

కుసైస్_కెమిస్ట్రీ_సర్:
మీ కాంట్రాక్టులో ముందే ఖాళీ చేస్తే ఏంటన్న షరతు ఉందేమో చూడండి మేడం. ఎక్కువ వాటిలో రెండు నెలల అద్దె జరిమానా అని ఉంటుంది. లేకపోతే ఓనర్‌తో రాజీ కుదుర్చుకోవాలి. మీ బదులు మరో టీచర్‌ని చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. మిగిలిన చెక్కులు వెనక్కి తీసుకోకుండా తాళాలు ఇవ్వకండి. ఖాళీ చేసే రోజు ప్రతి గదీ వీడియో తీయండి, దేవా ఫైనల్ బిల్లు కట్టిన రసీదు దగ్గర పెట్టుకోండి, ఎజారీ రద్దయిందో లేదో యాప్‌లో చూసుకోండి. అది మీ పేరు మీద అలాగే ఉండిపోతే తర్వాత వచ్చే వాళ్ల ఒప్పందం రిజిస్టర్ అవ్వదు, ఆ వంకతో ఓనర్ మీ డిపాజిట్ ఆపుతాడు.