పాత కృతికి తోడుగా రాసిన కొత్త ఆర్కెస్ట్రా రచనలు: విడిగా వింటే నిలుస్తాయా?

మంద్రస్థాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అందరికీ తెలిసిన ఒక సింఫొనీనో (ఆర్కెస్ట్రా మొత్తం వాయించే పెద్ద కృతి) కన్సర్టోనో (ఒకటో కొన్నో వాద్యాలు ఆర్కెస్ట్రా ఎదుట ప్రధానంగా నిలిచే కృతి) ఎంచుకుని, అదే కచేరీలో దాని పక్కన వాయించడానికి ఈనాటి స్వరకర్త చేత కొత్త రచన చేయించే పద్ధతి ఈ మధ్యకాలంలో బాగా పెరిగింది. మారిస్ యాన్సన్స్ నిర్వహణలో బవేరియన్ రేడియో సింఫొనీ ఆర్కెస్ట్రా బేతోవెన్ సింఫొనీల కోసం ఇటువంటి రచనలు పలువురి చేత చేయించింది. రికార్డో షాయీ నాయకత్వంలో లైప్జిగ్ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా కూడా ఆ సింఫొనీలకే మరికొందరి చేత రాయించింది. వాటిలో కొన్ని విన్నాను. కొన్నిచోట్ల పాత కృతితో సంబంధం వెంటనే తెలిసింది, మరికొన్నిచోట్ల కార్యక్రమ పత్రంలో చదివితే తప్ప తెలియలేదు.

నా సందేహాలు రెండు. ఇటువంటి రచనలో శ్రోత దేనిని పట్టుకుని వినాలి? పెద్ద కృతి పక్కన లేనప్పుడు కూడా ఇవి స్వతంత్రంగా నిలబడగలవా, లేక ఆ ఒక్క సాయంత్రానికే పరిమితమా?

వయోలా వాద్యం

మంద్రస్థాయి గారూ, మొదటి సందేహానికి నా సమాధానం: బాణీల కోసం వెతకకండి, ముందు వాద్యాలను గమనించండి. యోర్గ్ విడ్మన్ 2008లో రాసిన ‘కాన్ బ్రియో’ దీనికి మంచి ఉదాహరణ. బేతోవెన్ ఏడవ, ఎనిమిదవ సింఫొనీలతో కలిపి వాయించడానికి యాన్సన్స్ కోరగా రాసినది అది. ఆ రెండు సింఫొనీలలో ఉన్న బలగం ఎంతో విడ్మన్ కూడా అంతే తీసుకున్నాడు: ఊదే వాద్యాలు జతలు జతలుగా, టింపనీ (రాగి పాత్ర మీద చర్మం బిగించిన పెద్ద నగారాలు), తంత్రీవాద్యాలు. ట్రాంబోన్లు లేవు, అదనపు తాళవాద్యాలూ లేవు. కానీ టింపనీ వాయించేవారు చర్మం మీదనే కాక దాని అంచు మీద, రాగి పాత్ర మీద కూడా కొడతారు. ఊదే వాద్యాలలో చాలాసార్లు స్వరం పలకదు, శ్వాస మాత్రమే వినిపిస్తుంది. బేతోవెన్ బాణీలను వరుసగా ఉటంకించకపోయినా, హఠాత్తుగా విరుచుకుపడే ఆ ఘాతాలూ, వాటి మధ్య మౌనాలూ ఎవరివో చెవికి తెలిసిపోతుంది. ఆ తరువాత ఏడవ సింఫొనీ వింటే టింపనీ మీద ధ్యాస నిలుస్తుంది. చాలా ప్రదర్శనలలో మనం గమనించకుండా వదిలేసే వాద్యం అది.

వాద్య సంఖ్యను యథాతథంగా ఉంచడానికి ఆచరణాత్మకమైన కారణం కూడా ఉంది. కొత్త రచనకు హార్ప్, ముగ్గురు తాళవాద్యకారులు, అదనంగా నాలుగు హార్న్‌లు కావాలంటే, వారంతా కచేరీ మొదటి పది నిమిషాల కోసమే రావాలి. వేదిక మీద ఉన్నవారితోనే సరిపోయే రచనను మరొక బృందం ఎత్తుకోవడం సులభం. ‘కాన్ బ్రియో’ను తరువాత ఎన్నో ఆర్కెస్ట్రాలు వాయించాయంటే దాని సంగీత విలువతో పాటు ఈ సౌలభ్యం కూడా పనిచేసిందని నేను నమ్ముతాను.

నా వాద్యమైన వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, మంద్రంగా పలికేది) పట్ల పక్షపాతంతో మరొక ఉదాహరణ చెబుతాను. థామస్ డౌస్గార్డ్ నాయకత్వంలో స్వీడిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా, బాఖ్ 1721లో అంకితమిచ్చిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలకు ఆరుగురు స్వరకర్తల చేత ఆరు రచనలు చేయించి, 2018లో లండన్‌లో జరిగే బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో అన్నిటినీ కలిపి వాయించింది. ఆరవ కన్సర్టోలో వయొలిన్లే ఉండవు. రెండు వయోలాలు ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ ఉంటాయి. బ్రెట్ డీన్ తానే వయోలా వాద్యకారుడు కనుక ఆ రెండు వయోలాలనే ముందుకు తెచ్చి, తన రచన నేరుగా బాఖ్ తరుములోకి ప్రవేశించేలా రాశాడు. ఎప్పుడూ బృందం నడుమ ఉండిపోయే వాద్యానికి అంత గౌరవం దక్కడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

నిత్యశ్రోత

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ పాత కృతిలోకి నేరుగా అతుక్కునే రచనల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. ముందుమాటలా వచ్చి చేరేది వేరు, ముగింపును మార్చేది వేరు.

గుస్తావ్ హోల్స్ట్ ఒక్కో గ్రహం పేరిట ఒక్కో భాగంగా సాగే ‘ద ప్లానెట్స్’ను 1914–1916 మధ్య రాశాడు. ప్లూటోను 1930లో కనుగొన్నారు. హోల్స్ట్ 1934 వరకు జీవించి ఉన్నా దాని కోసం కొత్త భాగం రాయలేదు. మాంచెస్టర్‌కు చెందిన హాలే ఆర్కెస్ట్రా కోరగా కాలిన్ మాథ్యూస్ ఆ లోటు తీర్చాడు. 2000లో కెంట్ నగానో నిర్వహణలో ‘ప్లూటో, ద రెన్యూవర్’ తొలిసారి వినిపించింది. మాథ్యూస్ అర్హతను నేను ఏమాత్రం ప్రశ్నించను. ఆయన హోల్స్ట్ కుమార్తె ఇమొజెన్‌తో కలిసి పనిచేసినవాడు, ఆ రచనను ఆమె స్మృతికే అంకితమిచ్చాడు. అయితే హోల్స్ట్ తన కృతిలోని ఆఖరి భాగమైన ‘నెప్ట్యూన్’ చివరలో స్త్రీల బృందగానాన్ని వేదికకు కనబడని గదిలో ఉంచి, తలుపును నెమ్మదిగా మూయిస్తూ, స్వరం ఎక్కడ ఆగిందో శ్రోతకు తెలియకుండా చేశాడు. కొత్త భాగం ఆ గానం పూర్తిగా అణగకముందే మొదలవుతుంది. అంటే, కృతి మొత్తం దేని కోసం నడిచి వచ్చిందో ఆ నిశ్శబ్దాన్నే అది ఆక్రమిస్తుంది. 2006లో ఖగోళ శాస్త్రజ్ఞులు ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తొలగించినందువల్ల నేను ఇలా అనడం లేదు. అది గ్రహంగానే ఉండిపోయినా నా అభ్యంతరం ఇదే.

కనుక నేను పెట్టుకున్న కొలమానం: కొత్త రచన పాత కృతి ఆదినీ అంతాన్నీ దాని ఇష్టానికి వదిలేసిందా లేదా. విడ్మన్ వదిలేశాడు. డీన్ సంగతి నాకు ఇంకా తేలలేదు, ఆయన కలిసింది ఆరంభంలో కనుక కొంత సహించగలను.

మంద్రస్థాయి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిత్యశ్రోత గారు చెప్పిన తేడాను నేను ఇదివరకు ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. నా రెండవ సందేహం మాత్రం అలాగే ఉంది. వాద్య సౌలభ్యం వల్ల ఒక రచన తరచుగా వినిపించడం ఒక ఎత్తు, బేతోవెన్‌ను ఎన్నడూ వినని శ్రోతను కూడా అది నిలబెట్టగలగడం మరొక ఎత్తు. ఆ రెండవది సాధించిన రచన ఏదైనా ఉందా?

కుడిచేయి ఎడమచేయి

ఉంది. టిమో ఆండ్రెస్ రాసిన పియానో కన్సర్టో ‘ద బ్లైండ్ బానిస్టర్’ వినండి. పియానో వాద్యకారుడు జోనథన్ బిస్, సెయింట్ పాల్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో కలిసి బేతోవెన్ అయిదు పియానో కన్సర్టోలకు అయిదు తోడు రచనలు చేయించే ప్రణాళిక చేపట్టాడు. అందులో 2015లో మొదటగా వెలువడినది ఇది. 2016 పులిట్జర్ సంగీత పురస్కారానికి తుది పరిశీలనలో నిలిచింది కూడా.

దీనికి తోడైన కృతి బేతోవెన్ రెండవ కన్సర్టో. అది యౌవనంలో, మోత్సార్ట్ పద్ధతికి దగ్గరగా రాసినది. కానీ దాని మొదటి భాగానికి బేతోవెన్ 1809లో, తన శైలి పూర్తిగా మారిన తరువాత, ఒక కడెంజా (ఆర్కెస్ట్రా ఆగినప్పుడు ప్రధాన వాద్యకారుడు ఒంటరిగా వాయించే ఘట్టం) రాసి చేర్చాడు. వినయంగా నడుస్తున్న కన్సర్టో మధ్యలో అది మరొక కాలం నుంచి వచ్చిపడినట్లు మొరటుగా, బరువుగా మోగుతుంది. ఆండ్రెస్‌ను ఆకర్షించింది ఈ అతుకే. తన రచనలో అతడు బేతోవెన్ బాణీలను అలంకరించలేదు. మెట్లు దిగుతున్నట్లు జారే చిన్న స్వర సముదాయాన్ని తీసుకుని, దానిని మళ్ళీ మళ్ళీ తిరగరాస్తూ, మొదటిసారి విన్నదానికి కొత్త అర్థం వచ్చేలా పెంచుకుంటూ పోయాడు. తన పాత రచనను పెద్దవాడైన తరువాత తిరిగి చూసుకున్న బేతోవెన్ ఎదుర్కొన్న సమస్య అదే కదా. మూలకృతి తెలియని శ్రోతకు కూడా ఆ జారుడు, ఆ తిరగరాత స్పష్టంగా వినిపిస్తాయి. అందుకే ఇది విడిగా నిలుస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

నిత్యశ్రోత గారి కొలమానం ప్రకారం కూడా దీనికి అభ్యంతరం ఉండదు. బేతోవెన్ కృతిలో ఒక్క స్వరం కూడా మారలేదు. వీలైతే ముందు ఆండ్రెస్‌ను ఒంటరిగా వినండి, తరువాత బేతోవెన్ రెండవ కన్సర్టోను ఆయన సొంత కడెంజాతో ఉన్న రికార్డింగులో వినండి. కొందరు వాద్యకారులు అక్కడ వేరే కడెంజా వాయిస్తారు కనుక ఆ వివరం ముందే చూసుకోండి.