చిట్టెలుక మెదడులో మూలకణాల విభేదనం: చేతి లెక్కకూ సాఫ్ట్‌వేర్ లెక్కకూ ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పరిగెత్తే చక్రం ఉన్న పంజరంలో పెరిగిన చిట్టెలుకలలోనూ, చక్రం లేని పంజరంలో పెరిగినవాటిలోనూ, హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగంలో కొత్తగా పుట్టిన కణాలలో ఎన్ని న్యూరాన్లుగా మారుతున్నాయో (దీన్నే విభేదనం అంటాం) కొలవడం నా పరిశోధనలో ఒక అధ్యాయం. ఒక్కో గుంపులో 6 జంతువులున్నాయి. విభజన చెందుతున్న కణాల డీఎన్ఏలో చేరే బీఆర్‌డీయూ అనే గుర్తు పదార్థాన్ని ఎక్కించి, 28 రోజుల తరువాత మెదళ్ళను తీసి, 40 మైక్రాన్ల మందంతో సెక్షన్లు కోసి, ప్రతి ఆరో సెక్షన్‌ను ఎంచుకున్నాను. బీఆర్‌డీయూను గుర్తించడానికి ఎలుకలో (ర్యాట్) తయారైన యాంటీబాడీనీ, పక్వమైన న్యూరాన్లను చూపించే న్యూఎన్ అనే ప్రోటీన్ కోసం చిట్టెలుకలో (మౌస్) తయారైన యాంటీబాడీనీ వాడాను.

కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో వేర్వేరు లోతుల్లో పొరపొరగా తీసిన బొమ్మల దొంతరలను (జెడ్-స్టాక్‌లను), ఫీజీ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాక్సిమం ప్రొజెక్షన్‌గా, అంటే పొరలన్నీ కలిసిన ఒకే బొమ్మగా మార్చి, బీఆర్‌డీయూ, న్యూఎన్ రంగుల రెండు ఛానెళ్ళకూ ఓట్సు అనే స్వయంచాలక పద్ధతిలో థ్రెషోల్డ్ (ఎంత వెలుగు దాటితే లెక్కలోకి తీసుకోవాలనే హద్దు) పెట్టి, ఒకదానిమీద ఒకటి పడిన చుక్కలన్నింటినీ న్యూరాన్లుగా మారిన కణాలుగా లెక్కించే మాక్రో (చిన్న ప్రోగ్రామ్) ఒకటి రాసుకున్నాను. దాని ప్రకారం ప్రతి 10 బీఆర్‌డీయూ కణాలలో 9 న్యూరాన్లు. అవే స్టాక్‌లను పొరపొరగా తిప్పి చూస్తూ చేత్తో లెక్కిస్తే 10కి 7 మాత్రమే వస్తున్నాయి. పైగా మొత్తం బీఆర్‌డీయూ కణాల సంఖ్య కూడా మాక్రోలోనే ఎక్కువ. యంత్రానికి పక్షపాతం ఉండదు కనుక దాని లెక్కే రాయమని మా ల్యాబులో ఒక సీనియర్ అంటున్నారు. దేన్ని నమ్మాలి? రెండింటి మధ్య తేడాను సరిదిద్దే గుణకం ఏదైనా ఉందా?

సమాధానం 1 – స్లైడుపెట్టె

గుణకం లేదండి, ఉన్నా వాడకూడదు, ఎందుకంటే ఆ రెండు లెక్కలూ కొలుస్తున్నది ఒకే విషయాన్ని కాదు. డెంటేట్ గైరస్‌లోని గ్రాన్యూల్ కణాల పొరలో న్యూరాన్ కేంద్రకాలు సందు లేకుండా పేర్చినట్టు ఉంటాయి. ఆ స్టాక్ మొత్తాన్ని ఒకే బొమ్మగా అణచివేస్తే, బీఆర్‌డీయూ ఉన్న కణం న్యూరాన్ అయినా కాకపోయినా, దాని పైనో కిందనో ఉన్న ఇంకో న్యూరాన్ వెలుగు వచ్చి దానిమీద పడుతుంది. తమలపాకుల కట్టలో ఏ ఆకుకు సున్నం రాశారో కట్టను పైనుంచి చూసి చెప్పమంటే ఎలా ఉంటుందో, మీ మాక్రోను మీరు అడుగుతున్నదీ అలాగే ఉంది.

ఇది నిజమో కాదో అరగంటలో తేల్చుకోవచ్చు. బీఆర్‌డీయూ ఛానెల్‌ను మాత్రం, అది గ్రాన్యూల్ పొర దాటి బయటికి పోకుండా, పొర పొడవునా 20 మైక్రాన్లు పక్కకు జరిపి అదే మాక్రోను మళ్ళీ నడపండి. ఇప్పుడు ఏ బీఆర్‌డీయూ చుక్కకూ తన సొంత న్యూఎన్‌తో సంబంధం లేదు కదా. అయినా 10కి 8 కలిశాయని వస్తే, మీ 9లో అధికభాగం కాకతాళీయమేనని అర్థం.

చేతి లెక్కనైనా మూడు దిక్కులనుంచి చూసే ఆర్థోగోనల్ వ్యూలోనే ఖాయం చేసుకోవాలి. కాన్‌ఫోకల్ స్పష్టత అడ్డంగా ఉన్నంత బాగా నిలువునా ఉండదు, అందువల్ల గుండ్రటి కేంద్రకం కూడా లోతు దిశలో సాగినట్టు కనబడుతుంది. న్యూరాన్‌ను ఆనుకుని కూర్చున్న గ్లియా కణమో (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణం), రక్తనాళపు గోడలోని కణమో న్యూరాన్‌గా లెక్కలోకి జారిపోయేది అక్కడే.

సమాధానం 2 – సెకండరీ బాధితుడు

బొమ్మల సంగతి చూసేముందు రసాయనాల సంగతి చూడాలని నా మనవి. ఎలుకలో తయారైన యాంటీబాడీ, చిట్టెలుకలో తయారైన యాంటీబాడీ అని చదవగానే నాకు నా పాత గాయం గుర్తొచ్చింది. ఈ రెండు జంతువుల యాంటీబాడీలకూ పోలిక ఎక్కువ. చిట్టెలుక యాంటీబాడీని పట్టుకోవలసిన సెకండరీ (మొదటి యాంటీబాడీకి అంటుకుని మెరిసే రెండో యాంటీబాడీ), ఎలుక ప్రోటీన్లతో ముందుగా శుద్ధి చేసినది కాకపోతే, బీఆర్‌డీయూ యాంటీబాడీని కూడా పట్టుకుంటుంది. అప్పుడు బీఆర్‌డీయూ ఉన్న ప్రతి కేంద్రకమూ న్యూఎన్ ఛానెల్‌లో కూడా మెరుస్తుంది. నేను ఈ పొరపాటును గుర్తించేసరికి నాలుగు నెలల సెక్షన్లు అయిపోయాయి. ఆ సీసా మీద ఆ విషయం చిన్న అక్షరాలతో రాసే ఉంది, చదవనిది నేనే.

దీనికితోడు చిట్టెలుక కణజాలంలో సహజంగా ఉండే యాంటీబాడీలను కూడా ఆ సెకండరీ పట్టుకుంటుంది. న్యూఎన్ ఛానెల్‌లో రక్తనాళాల అంచులు సన్నని గీతల్లా కనబడుతున్నాయేమో చూడండి, కనబడితే అనుమానం అక్కరలేదు. ఒక సెక్షన్‌లో న్యూఎన్ యాంటీబాడీని వేయకుండా, మిగతావన్నీ, రెండు సెకండరీలతో సహా, యథాతథంగా వేసి చూస్తే నిజం బయటపడుతుంది. కుందేలులో తయారైన న్యూఎన్ యాంటీబాడీకి మారితే ఈ రెండు తలనొప్పులూ ఒకేసారి తగ్గుతాయి.

ఇంకొక మాట. బీఆర్‌డీయూ యాంటీబాడీకి దారి ఇవ్వడానికి మనం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో డీఎన్ఏ పోగులను విడదీస్తాం. ఆ దెబ్బకు, జంట పోగుల డీఎన్ఏకు అంటుకుని కేంద్రకాలను చూపించే డాపి అనే రంగు వెలవెలబోతుంది. కాబట్టి డాపి ఆధారంగా కేంద్రకాల హద్దులు గీయించే మాక్రో మీ స్లైడ్ల మీద తడబడుతుంది. మళ్ళీ మొదలుపెట్టే అవకాశముంటే, బీఆర్‌డీయూ లాంటిదే అయినా ఆమ్లం అవసరంలేని ఈడీయూ గురించి ఆలోచించండి.

సమాధానం 3 – లెక్కలపిచ్చి

మొత్తం సంఖ్య మాక్రోలో ఎందుకు పెరిగిందో ఎవరూ ముట్టుకోలేదు. బీఆర్‌డీయూ చేరిన తరువాత కణం మళ్ళీ మళ్ళీ విభజన చెందితే ఆ గుర్తు పలచబడుతుంది, 28 రోజులనాటికి చాలా కేంద్రకాలలో అది నిండుగా కాకుండా మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. ఓట్సు పద్ధతి ఆ మచ్చలను విడివిడి వస్తువులుగా చూస్తుంది, ఆపైన, అతుక్కున్న వస్తువులను విడదీసే వాటర్‌షెడ్ కూడా వాడి ఉంటే ఇంకా ముక్కలు చేస్తుంది. ఒక కణం మూడుగా లెక్కకు వస్తుంది. మచ్చలను కలిపే క్లోజింగ్ ప్రక్రియను త్రిమితీయంగా నడిపి, కేంద్రకం పరిమాణంకన్నా బాగా చిన్నవైన వస్తువులను వదిలేయండి. ఆ తరువాత రెండు ఛానెళ్ళ ముసుగులు (థ్రెషోల్డ్ దాటిన భాగాలు) కలిశాయా లేదా అని కాకుండా, బీఆర్‌డీయూ కేంద్రకపు ఘనపరిమాణం లోపల న్యూఎన్ సగటు తీవ్రత ఎంతో కొలవండి. ప్రతి బొమ్మకూ ఓట్సు తనంతట తాను కొత్త థ్రెషోల్డ్ ఎంచుకుంటుంది కనుక, మసకగా ఉన్న సెక్షన్‌కు ఒక న్యాయం, మెరిసే సెక్షన్‌కు ఒక న్యాయం అవుతుంది. యంత్రానికి పక్షపాతం లేదన్న మాట నేను అందుకే ఒప్పుకోను.

మీ అధ్యాయానికి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది హారం, అంటే న్యూరాన్ల సంఖ్యను దేనితో భాగిస్తున్నామన్నది. పరిగెత్తే చక్రం డెంటేట్ గైరస్‌లో కొత్త న్యూరాన్లను పెంచుతుందని సాల్క్ సంస్థకు చెందిన వాన్ ప్రాగ్, కెంపర్‌మన్, గేజ్ 1999లోనే చూపించారు. పుట్టే కణాల సంఖ్య, బతికే కణాల సంఖ్య పెరిగి, వాటిలో న్యూరాన్లుగా మారే వాటా మారకపోయినా సరే, కొత్త న్యూరాన్ల మొత్తం పెరుగుతుంది. విభేదనం పెరిగిందని రాయాలంటే వాటా మారాలి. రెండింటినీ వేర్వేరుగా చూపించండి. మొత్తం సంఖ్య కోసం ప్రతి ఆరో సెక్షన్‌లోని లెక్కను 6తో గుణించండి, కానీ సెక్షన్ల పై అంచున కోతపడిన కేంద్రకాలను రెండుసార్లు లెక్కించకుండా ముందే ఒక నియమం పెట్టుకోండి.

మీ నమూనా సంఖ్య గుంపుకు 6. కణాలు వందల్లో ఉన్నా, ఒకే జంతువులోని కణాలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. ఒక్కో చిట్టెలుకకు ఒక్క వాటా లెక్కగట్టి, ఆ ఆరింటిని ఈ ఆరింటితో పోల్చండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఛానెల్‌ను జరిపి చూశాను. 20 మైక్రాన్లు జరిపిన తరువాత కూడా 10కి 8కి పైగానే కలుస్తున్నాయని మాక్రో చెప్పింది, కాబట్టి ఆ లెక్కను పక్కన పెట్టేశాను. న్యూఎన్ యాంటీబాడీ వేయని సెక్షన్‌లో రక్తనాళాల గీతలు స్పష్టంగా కనబడ్డాయి, బీఆర్‌డీయూ కేంద్రకాలు కూడా లేతగా మెరిశాయి. అంటే నా చేతి లెక్కలోని 7 కూడా కొంత ఎక్కువే అయి ఉండాలి. కుందేలు యాంటీబాడీ తెప్పించమని అడిగాను. అదే శ్రేణిలో పక్కన పెట్టిన సెక్షన్లు ఫ్రీజర్‌లో ఉన్నాయి, కనుక కొత్త జంతువులు అవసరం లేదు. స్లైడ్ల మీద గుంపు పేర్లు కనబడకుండా టేపు అంటించి, కోడ్ నంబర్లు వేసే పని మా జూనియర్‌కు అప్పగించాను.

సమాధానం 2 – సెకండరీ బాధితుడు

కొత్త సెకండరీ సీసా రాగానే దాని మీద చిన్న అక్షరాలు చదవండి. లేజర్ శక్తి, డిటెక్టర్ గెయిన్ కూడా మొదటి రోజే నోటు పుస్తకంలో రాసుకుని, 12 జంతువులకూ అవే ఉంచండి.