తెరచాప ఓడ మీద ఒక సెమిస్టర్: చదువా, ఖరీదైన సాహసమా?

రాఘవ, మసాచుసెట్స్

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడే కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. వచ్చే స్ప్రింగ్ సెమిస్టర్ క్యాంపస్‌లో కాకుండా తెరచాప ఓడ మీద చదువుతానంటోంది. వుడ్స్ హోల్‌లో సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అనే సంస్థ 1971 నుంచి ఇలాంటి సెమిస్టర్లు నడుపుతోంది. ముందు కొన్ని వారాలు ఒడ్డున క్లాసులు, తర్వాత కొన్ని వారాలు సముద్రంలో. వాళ్లకి రెండు ఓడలున్నాయి. అట్లాంటిక్ వైపు కార్విత్ క్రేమర్, పసిఫిక్ వైపు రాబర్ట్ సి. సీమన్స్. రెండూ రెండు తెరచాప కొయ్యలున్న బ్రిగంటీన్ రకం ఓడలే, పొడవు సుమారు 134 అడుగులు. పిల్లలు ప్రయాణికుల్లా కూర్చుంటే కుదరదు. చుక్కాని పట్టాలి, తెరచాపలు ఎత్తాలి, దించాలి, వంటింట్లో సాయం చేయాలి, ల్యాబ్‌లో పని చేయాలి, అర్ధరాత్రి లేపితే లేచి వాచ్‌కి, అంటే ఓడ నడిపే వంతు డ్యూటీకి, వెళ్లాలి.

మా ఆవిడ ససేమిరా అంటోంది. మా తమ్ముడేమో ఆ డబ్బుతో ఇంకో మంచి కోర్సు చేయించవచ్చంటున్నాడు. నాకు వద్దనడానికి మనసొప్పడం లేదు, సరే అనడానికి ధైర్యం చాలడం లేదు. ఇది క్రెడిట్లు ఇవ్వదగ్గ చదువేనా? ప్రమాదం ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

చార్మినార్ కోడర్

రాఘవ గారూ, నేనైతే వద్దనే అంటాను. సముద్రం అంటే భయపడి కాదు. సైన్స్ మేజర్‌లో కోర్సులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో భాగం స్ప్రింగ్‌లో మాత్రమే ఇచ్చే కాలేజీలున్నాయి. అది తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి, డిగ్రీ ఆలస్యమవుతుంది. ఫీజు కట్టి మరీ తాళ్లు లాగి, గిన్నెలు తోమితే వచ్చేదేమిటి? సముద్ర విజ్ఞానమే కావాలనుకుంటే, సముద్రంలో వాటంతట అవే తేలుతూ కొలతలు పంపే ఆర్గో ఫ్లోట్ల డేటా మొత్తం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హిందూ మహాసముద్రం డేటా మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. పైథాన్ నేర్చుకుని ఆ డేటా మీద ఒక ప్రాజెక్టు చేసి, ఎండాకాలం ఇంటర్న్‌షిప్ పట్టుకుంటే రెజ్యూమేకి అంతకంటే ఎక్కువ బలం.

ప్లాంక్టన్ వల

కోడర్ గారూ, ఆ ఫ్లోట్లని కూడా ఎవరో ఒకరు సముద్రంలోకి వెళ్లి వదిలితేనే నెట్‌లోకి ఆ డేటా వచ్చింది. నేను డిగ్రీలో ఉండగా ఇలాంటి ఓడ మీదే ఒక సెమిస్టర్ చేశాను, ఇప్పుడు సముద్ర పరిశోధనలోనే ఉన్నాను. తాళ్లు లాగడం వేరు, చదువు వేరు అని మీరు విడదీశారు కాబట్టి, అక్కడ నిజంగా ఏం జరుగుతుందో ఒక్క పని చెబుతాను.

నీటి పైపొరలో తేలేవాటిని పట్టే న్యూస్టన్ వల అని ఒకటుంటుంది. దాని నోరు మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు. కన్నాల సైజు మిల్లీమీటరులో మూడో వంతు. అది సగం నీళ్లలో, సగం గాలిలో ఉండేలా ఓడ పక్కన ఒక నాటికల్ మైలు లాగాలి. అందుకు ఓడ వేగం రెండు నాట్ల దగ్గర, అంటే గంటకి రెండు నాటికల్ మైళ్ల దగ్గర, నిలబడాలి. గాలి మీద నడిచే ఓడని ఆ వేగానికి తెచ్చి అరగంట అలాగే ఉంచాలంటే ఏ తెరచాప దించాలో, దేన్ని గాలికి అడ్డం తిప్పాలో డెక్ మీదున్న పిల్లలకి తెలియాలి. వేగం పెరిగితే వల ఎగిరిపడుతుంది, ఆ శాంపిల్ పాడైనట్టే. అంటే తాడు లాగడం కూడా కొలతలో భాగమే. తర్వాత ల్యాబ్‌లో ట్రే మీదకి వంగి, ఓడ ఊగుతుండగా, నాచు పోగుల మధ్య నుంచి బియ్యపు గింజ కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టాలి. తల తిరుగుతున్నా సరే, కడుపులో తిప్పుతున్నా సరే.

ఆ లెక్కలు ఏమయ్యాయో కూడా చెబుతాను. 1986 నుంచి 2008 దాకా ఈ సంస్థ ఓడలు అట్లాంటిక్, కరీబియన్‌లలో 6,100కి పైగా సార్లు వల లాగాయి. 64,000కి పైగా ప్లాస్టిక్ ముక్కలు దొరికాయి. ఏరినవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే. 2010లో ఆ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. ప్లాస్టిక్ ఎక్కువగా పోగుపడింది తీరాల దగ్గర కాదు, నేలకి ఎంతో దూరంగా, ప్రవాహాలు సుడి తిరిగే నడిసముద్రంలో. ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఆ 22 ఏళ్లలో ప్రపంచంలో ప్లాస్టిక్ ఉత్పత్తి విపరీతంగా పెరిగింది, కానీ అక్కడి నీటి పైపొరలో ముక్కల సాంద్రత మాత్రం పెరిగినట్టు కనబడలేదు. మిగతాది ఎక్కడికి పోయింది? మునిగిందా, వలకి చిక్కనంత చిన్నదైపోయిందా, జీవుల కడుపుల్లోకి చేరిందా? ఎంతోమంది పరిశోధకులు ఈ ప్రశ్న వెంట పడ్డారు.

చార్మినార్ కోడర్

డేటా గొప్పదే, కాదనను. కానీ 64,000 ముక్కల్లో ఒక విద్యార్థి ఏరినవి ఎన్ని ఉంటాయి? సంస్థకి పేపర్ వచ్చింది. ఫీజు కట్టిన పిల్లకి ఏమొచ్చింది? ఇది నిజంగానే అడుగుతున్నాను.

ప్లాంక్టన్ వల

న్యాయమైన ప్రశ్నే. ప్రతి విద్యార్థీ, లేదా చిన్న గ్రూపు, ఒడ్డున ఉండగానే ఒక పరిశోధన ప్రశ్న రాసుకుంటారు. సముద్రంలో దానికి తగ్గ డేటా సేకరించి, చివర రిపోర్టు రాసి అందరి ముందు చెప్పాలి. వాతావరణం బాగాలేక శాంపిల్ తీయాల్సిన రెండు చోట్లు (స్టేషన్లు) పోతే మిగిలిన వాటితో ఏం చెప్పగలమో, ఏం చెప్పకూడదో తేల్చుకోవాలి. శుభ్రం చేసిన డేటా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకి ఆ కష్టం తెలియదు.

బాధ్యత సంగతి కూడా చెప్పాలి. పిల్లల్ని మూడు బృందాలు చేస్తారు. పగలు ఆరేసి గంటల వాచ్‌లు రెండు, రాత్రి నాలుగేసి గంటల వాచ్‌లు మూడు. వాచ్‌లు అయిదు, బృందాలు మూడు కాబట్టి డ్యూటీ గంటలు రోజూ మారతాయి. మొదట్లో అంతా ఆఫీసర్ చెబుతారు. చివరి వారాలకి వచ్చేసరికి వాచ్ నడిపే పని వంతులవారీగా విద్యార్థులకే అప్పగిస్తారు, ఆఫీసర్ పక్కన నిలబడి చూస్తుంటారు. తెల్లవారుజామున మూడింటికి మిగతావాళ్లందరూ పడుకుని ఉండగా ఏ తెరచాప ఉంచాలి, ఎవరిని చుక్కాని దగ్గర పెట్టాలి, ఇంజిన్ రూమ్ చూడటానికి ఎవరు వెళ్లాలి అని ఇరవై ఏళ్ల పిల్ల నిర్ణయిస్తుంది. క్యాంపస్‌లో అంతటి బాధ్యత ఆ వయసువాళ్ల చేతికి ఎవరిస్తారు?

శ్రీలత, డాలస్

నాకూ ఆ వయసు అమ్మాయే ఉంది కాబట్టి రాఘవ గారి ఇంటావిడ భయం నాకర్థమవుతుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు, అక్కడ డాక్టరు దగ్గరలో ఉండరు, తుఫాను వస్తే పరుగెత్తడానికి చోటుండదు. క్రెడిట్ల సంగతి తర్వాత. ఇలాంటి స్కూలు ఓడలు మునిగాయని చదివాను. అది అబద్ధమా?

విశాఖ వాచ్‌కీపర్

అబద్ధం కాదమ్మా. నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌ని. తెరచాప ఓడల మీద పని చేయలేదు, కానీ రాత్రి వాచ్ ఏమిటో తెలుసు. దాచకుండా చెబుతాను.

1957లో జర్మనీ శిక్షణ ఓడ పామిర్ అట్లాంటిక్‌లో హరికేన్‌లో మునిగింది. ఓడలో 86 మంది, బతికింది ఆరుగురు. విడిగా పోసిన బార్లీ గింజల సరుకు ఒక పక్కకి జారింది. 1961లో అమెరికన్ కుర్రాళ్లు చదువుకుంటున్న ఆల్బట్రాస్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఒక్కసారిగా వీచిన ఈదురుగాలికి బోల్తా పడి ఆరుగురు పోయారు, వాళ్లలో నలుగురు విద్యార్థులు.

ఈ విషయంలో మీరు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కాంకార్డియా కేసు. కెనడా వాళ్ల క్లాస్ అఫ్లోట్ కార్యక్రమంలో నడిచిన ఓడ. 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్ తీరానికి దూరంగా ఈదురుగాలికి పడిపోయింది. 64 మంది, వాళ్లలో 48 మంది విద్యార్థులు, లైఫ్ రాఫ్ట్‌లలో 40 గంటల దాకా గడిపారు. అందరూ బతికారు, సరుకు ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. మొదట్లో అనుకోని పెద్ద గాలి అన్నారు. కెనడా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది వేరు. గాలివాన వస్తోందని ముందే తెలిసినా, అప్పుడు వాచ్‌లో ఉన్న ఆఫీసర్ దాన్ని ప్రమాదంగా చూడలేదు, తెరచాపలు తగ్గించలేదు. ఎంత గాలికి ఎంత వంపు దాకా ఓడ తట్టుకుంటుందో చెప్పే పట్టికలు ఓడలోనే ఉన్నాయి, వాటిని వాడటం ఆఫీసర్లకి నేర్పలేదు. డెక్ మీది తలుపులు, గాలి రంధ్రాలు తెరిచి ఉండటంతో ఓడ ఒరిగాక నీళ్లు లోపలికి వచ్చాయి.

మా వృత్తిలో ఇలాంటి రిపోర్టులు చదివినప్పుడు ఒకటే వెతుకుతాం: ఆపగలిగిన చోటు ఏది? ఇక్కడ ఆ చోటు గాలి కాదు, వాచ్‌లో ఉన్న మనిషి, అతనికి ఇచ్చిన శిక్షణ. కాబట్టి రాఘవ గారూ, ఫోన్ చేసి సూటిగా అడగండి. కెప్టెన్ రాత్రి రాసిచ్చే ఆదేశాల్లో ఎంత గాలికి తెరచాప తగ్గించాలని ఉంటుంది? తనని ఎప్పుడు లేపాలని ఉంటుంది? ఓడ స్థిరత్వం గురించి వాచ్ ఆఫీసర్లకి శిక్షణ ఎవరిచ్చారు? గాలి పెరిగితే ఏ తలుపులు మూస్తారు? కొయ్య ఎక్కేటప్పుడు హార్నెస్ (పడిపోకుండా కట్టుకునే బెల్టు) ఎక్కడ తగిలిస్తారు, రాత్రి డెక్ మీద తగిలించుకోవడం తప్పనిసరా? వైద్యానికి ఎవరున్నారు, ఒడ్డున ఉన్న డాక్టర్‌తో ఎలా మాట్లాడతారు? వీటికి తడుముకోకుండా జవాబు చెబితే ఒక లెక్క, బ్రోషర్ పంపిస్తామంటే ఇంకో లెక్క.

అమెరికాలో 1982లో సెయిలింగ్ స్కూల్ ఓడలకి ప్రత్యేక చట్టం వచ్చింది. మీరు చెప్పిన రెండు ఓడలూ ఆ కోవలోవే, కోస్ట్ గార్డ్ తనిఖీ ఉంటుంది. అది భరోసాయే, కానీ అదొక్కటే చూసి ఊరుకోకండి.

కాకినాడ తీరం

ఆడపిల్ల అని వెనకాడేవాళ్లకి ఒక మాట. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణిని గుర్తుచేసుకోండి. 56 అడుగుల తెరచాప పడవ మీద ఆరుగురు మహిళలే ప్రపంచం చుట్టొచ్చారు. వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

శ్రీలత, డాలస్

వాళ్లంటే నాకూ గర్వమే. కానీ వాళ్లు నేవీ ఆఫీసర్లు, ఆ ప్రయాణానికి ముందు ఏళ్ల తరబడి సముద్రంలో శిక్షణ తీసుకున్నారు. కొన్ని వారాల ఒడ్డు క్లాసుతో ఎక్కే పిల్లల్ని వాళ్లతో పోల్చకూడదు. ఆడపిల్లకి చేతకాదని నేను అనలేదు. ఎవరైనా సరే, ఆ శిక్షణ సరిపోతుందా అన్నదే నా ప్రశ్న. దానికి వాచ్‌కీపర్ గారి ప్రశ్నల్లో కొంత జవాబుంది, ఆయనకి థాంక్స్.

ఎడిసన్ వీసా డెస్క్

ఇంత చర్చ జరిగింది, అసలు విషయం ఎవరూ అడగలేదు. రాఘవ గారూ, అమ్మాయి ఏ వీసా స్టేటస్‌లో ఉంది?

రాఘవ, మసాచుసెట్స్

హెచ్4 అండీ, నా ఉద్యోగ వీసా మీద కుటుంబానికి ఇచ్చేది. చిన్నప్పుడే వచ్చింది. గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాం. పాస్‌పోర్టులో పాత వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది, ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఐ-94 మాత్రం ఉంది.

ఎడిసన్ వీసా డెస్క్

అయితే ముందు ఓడ రూటు చూడండి. స్టాంపు గడువు అయిపోయిన హెచ్4 వాళ్లు 30 రోజుల లోపు కెనడా, మెక్సికో వెళ్లొస్తే పాత స్టాంపుతోనే తిరిగి రావచ్చు, కొన్ని షరతులున్నాయి. కరీబియన్ దీవులకి ఆ సౌకర్యం ఎఫ్ (విద్యార్థి), జే (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే, హెచ్4కి లేదు. ఓడ దీవుల్లో ఆగినా, అక్కడ దిగి విమానమెక్కినా, కొత్త స్టాంపు లేకుండా అమ్మాయి వెనక్కి రాలేదు. పసిఫిక్ వైపైతే భారత పాస్‌పోర్టుకి న్యూజిలాండ్ లాంటి చోట్ల విడిగా వీసా కావాలి. 21 నిండితే హెచ్4 పోతుంది కాబట్టి ఎఫ్1కి మారే టైమింగ్ కూడా లాయర్‌ని అడగండి. డిపాజిట్ కట్టకముందే.

ఇంకోటి, కోడర్ గారూ. హెచ్4లో ఉన్న పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు. మీరు చెప్పిన ఇంటర్న్‌షిప్ జీతం ఇచ్చేదైతే ఈ అమ్మాయికి ఎటూ కుదరదు.

చార్మినార్ కోడర్

అది ఒప్పుకుంటాను, అమ్మాయి స్టేటస్ తెలియక చెప్పాను. కానీ కెమిస్ట్రీ గొలుసు మాట అలాగే ఉంది.

కాకినాడ తీరం

ఇలాంటిది మన దగ్గరెందుకు లేదన్నదే నా బాధ. ఒకప్పుడు కోరంగి, తాళ్లరేవుల్లో తెరచాప ఓడలు కట్టిన తీరం మనది. నేవీకి 1997 నుంచి ఐఎన్‌ఎస్ తరంగిణి అనే తెరచాప శిక్షణ ఓడ ఉంది, కానీ అది నేవీ క్యాడెట్ల కోసం. ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవశాస్త్రం చదివే పిల్లలకి ఒక సెమిస్టర్ బంగాళాఖాతంలో దొరికితే ఎంత బాగుంటుంది.

విశాఖ వాచ్‌కీపర్

కోరిక మంచిదే. చేస్తే జనవరి నుంచి మార్చి మధ్యలోనే చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి తుఫాన్ల కాలం, మధ్యలో నైరుతి రుతుపవనాలు. ఓడ కంటే ముందు అలాంటి ఓడ నడిపే ఆఫీసర్లు కావాలి. అందుకు తరంగిణి మీద పనిచేసి రిటైరైనవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

రాఘవ, మసాచుసెట్స్

అందరికీ కృతజ్ఞతలు. వాచ్‌కీపర్ గారి ప్రశ్నలు మా ఆవిడే రాసుకుంది, ఫోన్ కూడా తనే చేస్తానంది. వీసా సంగతి తేలకుండా ఈ స్ప్రింగ్‌కి పంపలేం, లాయర్‌తో మాట్లాడి ఆ తర్వాతి సంవత్సరం చూస్తాం. ప్లాంక్టన్ గారూ, కెమిస్ట్రీ విషయం మీరేమంటారు?

ప్లాంక్టన్ వల

ఆ విషయంలో కోడర్ గారు చెప్పింది సరైనదే. ఒక ఏడాది టైమ్ దొరికింది కాబట్టి ఆర్గానిక్ రెండో భాగం ముందే పూర్తి చేయించండి. ఓడ మీది కోర్సుల్లో ఏది మేజర్ కింద లెక్కకొస్తుంది, ఏది ఖాళీ ఎలెక్టివ్‌గా పోతుంది అన్నది డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అడ్వైజర్ నోటిమాట సరిపోదు, అడ్వైజర్లు మారిపోతారు. సిలబస్‌లు సంస్థ నుంచి తెప్పించి అమ్మాయే స్వయంగా ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే పని త్వరగా అవుతుంది.