చెట్లు, పక్షులు చూడాలనుకునే కుటుంబానికి తూర్పు కనుమల్లో ఏ ప్రాంతం, ఏ నెలలో బాగుంటుంది?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి):

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి సెలవులను మన రెండు రాష్ట్రాల్లోనే, జనసమ్మర్దానికి దూరంగా గడపాలని మా ఇంట్లో అందరమూ అనుకుంటున్నాము. నాన్నగారికి పక్షులను చూడడమంటే చాలా ఇష్టం, బైనాక్యులర్స్ లేకుండా ఇల్లు కదలరు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నందున ఎక్కువ మెట్లు ఎక్కి దిగలేదు. పిల్లలకు రైలన్నా, పడవన్నా సరదా. అక్టోబరు నుంచి మార్చి వరకు ఎప్పుడైనా వెళ్లగలము. రోజుకు పది చోట్లకు కారులో తిరిగి ఫోటోలు దిగి రావడం మాకు నచ్చదు. ఒకే చోట బస చేసి తీరిగ్గా చూసే వీలున్న ప్రాంతమేదో, ఏ నెలలో వెళ్తే బాగుంటుందో అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (విశాఖపట్నం నుంచి):

మీరు నెల గురించి కూడా అడిగారు, సంతోషమండి. చాలామంది ఊరి పేరు చూసి గది తీసుకుని, అక్కడికి వెళ్లాక జలపాతంలో నీళ్లు లేవని బాధపడతారు. మీ అవసరాలను బట్టి నేను అనంతగిరి, అరకు ప్రాంతాన్నే మొదట చెబుతాను. అయితే అరకు ఊళ్లో కాక, అనంతగిరి వైపు కాఫీ తోటల మధ్య ఉండమంటాను. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. నీడ దట్టంగా ఉండే ఇటువంటి తోటల్లో ఉదయం వేళ కూర్చున్న చోటు నుంచే చాలా పక్షులను చూడవచ్చు. నవంబరు నుంచి జనవరి వరకు కాఫీ పళ్లు ఎర్రగా పండి కోతలు సాగుతుంటాయి. అదే కాలంలో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు నెలల్లో, లోయలోని పొలాల్లో వలిసె పూలు పసుపు పచ్చగా విరగబూస్తాయి. వలిసెలు నూనెగింజల పంట కాబట్టి పూలు రాలాక ఆ చేలకు చూడవలసిన అందమేమీ ఉండదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గింజలను పండించేది ఎక్కువగా గిరిజన రైతులే.

పిల్లలకు రైలు సరదా అన్నారు గనుక విశాఖపట్నం నుంచి కిరండోల్ వెళ్లే బండి తప్పనిసరిగా ఎక్కించండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గమిది. 58 సొరంగాలున్న ఈ దారిలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు దొరకాలంటే చాలా ముందుగా రిజర్వు చేసుకోవాలి. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, లోపల తడిగా ఉంటుంది, కాబట్టి అమ్మగారిని పైనే కూర్చోబెట్టడం మేలు. డిసెంబరు ఆఖరి వారంలో మాత్రం రాకండి. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద కార్ల వరుస తప్ప ఇంకేమీ కనిపించదు. వంజంగి కొండ మీద సూర్యోదయానికి మబ్బులు సముద్రంలా పరుచుకోవడం నిజంగా గొప్ప దృశ్యమే గాని, చీకట్లో నడిచి ఎక్కాలి, పైన జనం కూడా ఎక్కువే. మీ కుటుంబానికి అది సరిపడదు. ఏజెన్సీలో మలేరియా భయం ఉంది గనుక దోమల మందు మరచిపోవద్దు.

జవాబు (అచ్చంపేట నుంచి):

పై సభ్యులు చెప్పినది బాగానే ఉంది గాని, హైదరాబాద్ వారు అంత దూరం వెళ్లకముందు నల్లమల చూడాలని నా అభిప్రాయం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన్ననూరు నుంచి అటవీశాఖ సఫారీ ఉంది, ఫర్హాబాద్ వ్యూపాయింట్ దాకా వాహనంలోనే వెళ్లవచ్చు. పులి కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. చుక్కల దుప్పులు, కణుతులు, కొమ్మల మీద దూకే బెట్టుడుతలు, అదృష్టముంటే ఎలుగుబంటి కనిపిస్తాయి. అడవి పచ్చగా ఉండే జులై నుంచి సెప్టెంబరు వరకు సాధారణంగా సఫారీ మూసివేస్తారు కాబట్టి అక్టోబరు, నవంబరు నెలలు అనువైనవి. ఫిబ్రవరి చివరికి ఆకులు చాలావరకు రాలిపోతాయి, కాని ఆకు లేని కొమ్మల నిండా మోదుగ పూలు ఎర్రగా విచ్చుకునేది అప్పుడే. ఆకులు అడ్డం లేనందున పక్షులను చూడడం కూడా తేలిక. మీ నాన్నగారికి బహుశా అదే ఎక్కువ నచ్చుతుంది. మల్లెలతీర్థం జలపాతానికి చాలా మెట్లు దిగాలి కాబట్టి అమ్మగారి కోసం దానిని వదిలేయండి. శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. ప్రయాణ సమయం దానికి తగ్గట్టు నిర్ణయించుకోండి.

జవాబు (కాకినాడ నుంచి):

అందరూ కొండల గురించే చెబుతున్నారు. పక్షుల కోసమైతే తీరానికి రావాలి. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల మధ్య చెక్కల వంతెన వేశారు, అమ్మగారు నెమ్మదిగా నడిచి ఏటి ఒడ్డుకు చేరవచ్చు. ఆటు సమయంలో బురద బయటపడినప్పుడు ఎండ్రకాయలు, బురదలో గెంతే చిన్న చేపలు పిల్లలకు కావలసినంత వినోదం ఇస్తాయి. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్న చోటే గాని, అవి అందరికీ కనిపించవు. ఇంకా దక్షిణానికి వెళ్లగలిగితే పులికాట్ సరస్సు ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది కాబట్టి కారు దిగకుండానే రాజహంసల గుంపులను చూడవచ్చు. దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలబడిన చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకన్నా సుఖమైన పక్షుల యాత్ర నాకు తెలియదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు మోదుగ పూల మాట వినగానే నల్లమలను ఫిబ్రవరికి ఖాయం చేశారు. అది వారాంతంలో వెళ్లి రాగల దూరమే కాబట్టి సెలవులతో పని లేదు. నవంబరు చివరలో అనంతగిరిలో ఉండి, తిరుగు ప్రయాణంలో కోరింగ చూడాలని అనుకుంటున్నాము. విశాఖపట్నం నుంచి అక్కడికి రైలులో రావడం సులువేనా?

జవాబు (కాకినాడ నుంచి):

సులువే. విజయవాడ వైపు వెళ్లే రైళ్లలో సామర్లకోటలో దిగితే కాకినాడ దగ్గరే, అక్కడి నుంచి కోరింగకు ఆటోలు దొరుకుతాయి. అయితే నవంబరు బంగాళాఖాతంలో తుపానుల కాలం, హెచ్చరిక ఉన్న రోజుల్లో పడవలు నడపరు. రద్దు చేసుకోవడానికి వీలున్న టికెట్లే తీసుకోండి. పడవ వేళలు పోటును బట్టి మారుతుంటాయి గనుక ముందురోజు అభయారణ్యం కార్యాలయంలో కనుక్కుని బయలుదేరండి.