కార్నెల్ ఈడీయా, ప్రిన్స్‌టన్ ఎర్లీయా? మా ఇంట్లో రెండు పార్టీలు

ఎడిసన్ అమ్మ:

అందరికీ నమస్తే. మాది న్యూజెర్సీలో ఎడిసన్. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్. నవంబర్ 1కి నాలుగు వారాలే ఉంది, ఎర్లీ, అంటే అందరికన్నా ముందు వేసే కాలేజీ అప్లికేషన్, ఎక్కడ వేయాలో మాకింకా తేలలేదు. అది కార్నెల్ ఈడీ (ఎర్లీ డెసిషన్, సీటొస్తే చేరి తీరాల్సిందే) అంటుంది, వాళ్ల నాన్న ప్రిన్స్‌టన్ అంటారు. అన్నానికి కూర్చుంటే చాలు, మొదలు.

దానికి మొక్కల పిచ్చి. చిన్నప్పుడు పెరట్లో గోంగూరకు పురుగు పడితే, భూతద్దం పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఇప్పుడు ప్లాంట్ సైన్స్ చదువుతానంటోంది. కార్నెల్‌లో సీఏఎల్ఎస్ అని వ్యవసాయానికి విడిగా ఓ కాలేజీయే ఉంది. ప్రిన్స్‌టన్‌లో అలాంటిది లేదు. మా ఆయనకు అది పట్టదు. "ప్రిన్స్‌టన్ ఇంటికి దగ్గర. పైగా ఎర్లీలో సీటొచ్చినా కట్టుబడక్కర్లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు" అంటారు. ఊళ్లో చుట్టాలకు ప్రిన్స్‌టన్ పేరు చెబితే చాలు, కార్నెల్ అంటే ఇంకాస్త వివరించాలి అన్నది ఆయన పైకి చెప్పని కారణం.

నా భయం వేరు. ఈడీ అంటే సంతకం. పిల్ల, మేము, కౌన్సెలర్, అందరం పెట్టాలి. సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. కార్నెల్‌లో అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల పైమాటే. సీఏఎల్ఎస్‌లో ఫీజు తక్కువని ఎవరో అంటే సంబరపడ్డాను, తీరా చూస్తే అది న్యూయార్క్ స్టేట్ వాళ్లకే. మాకు గ్రీన్ కార్డు ఉంది, ఇద్దరం ఉద్యోగస్తులమే, ఎయిడ్ (చదువుకు ఆర్థిక సాయం) ఏమాత్రం వస్తుందో తెలీదు. వెనకాల నైన్త్ గ్రేడ్ అబ్బాయి ఉన్నాడు. ఈడీ వేస్తే ఛాన్స్ నిజంగా అంత పెరుగుతుందా?

పాతకాపు:

అమ్మా, ఛాన్స్ సంగతి తర్వాత. ముందు నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ నింపండి, మన ఆదాయం, ఆస్తులు రాస్తే ఎయిడ్ పోను మనం కట్టాల్సింది సుమారుగా ఎంతో చూపిస్తుంది. 2011 నుంచి ఫెడరల్ ఎయిడ్ తీసుకునే కాలేజీలు వాటిని వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. ఈ రాత్రే మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని నింపండి. వచ్చిన అంకె చూశాక కూడా నిద్ర పడితే అప్పుడు ఈడీ గురించి మాట్లాడుకుందాం.

ఒక్క జాగ్రత్త. మా పెద్దవాడికి ఈడీలో సీటొచ్చింది, కాలేజీ పేరెందుకు లెండి. కాలిక్యులేటర్ నింపినప్పుడు ఊళ్లో మా నాన్నగారు నా పేరున రాసిన పొలం గుర్తే రాలేదు. ఎయిడ్ కోసం కాలేజీకి పంపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో వేరే దేశాల్లో ఉన్న ఆస్తి కూడా అడుగుతారు, అక్కడ రాశాను. ఎయిడ్ లెటర్ వచ్చాక అంకె చూసి ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. తెచ్చిన స్వీట్ బాక్స్ ఫ్రిజ్‌లో అలాగే ఉండిపోయింది. ఎయిడ్ చాలకపోతే ఈడీ నుంచి వదిలేస్తారు, అది నిజమే. కానీ వద్దనుకుంటే డిసెంబర్‌లో చేతిలో ఇంకో ఆఫర్ ఉండదు, పోల్చి చూసుకునే వీలే లేదు. మేం కట్టాం. వాడు బాగానే చదువుకున్నాడు, నా రిటైర్మెంటే వెనక్కి జరిగింది.

అబ్బాయి గురించి అన్నారు కాబట్టి చెబుతున్నా. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సాలో (ఫెడరల్ ఎయిడ్ ఫారం) వచ్చే వెసులుబాటు 2024-25 నుంచి తీసేశారు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక మీరడిగిన ఛాన్స్. ఈడీ రేటు పెద్దగా కనిపిస్తుంది, నిజమే. అందులో ఆటల కోచ్‌లు ముందే ఎంచుకున్న పిల్లలు, అదే కాలేజీలో చదివినవాళ్ల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను తీసేస్తే మన పిల్లలకు మిగిలే లాభం అంత ఉండదు. అసలు లేదని మాత్రం అనను.

ఇథాకా చలి:

ఆంటీ, నేను ఇథాకాలో, కార్నెల్‌లోనే సెకండియర్ (సోఫమోర్). మీ అమ్మాయిని ఒక్కటే అడగండి: డిసెంబర్‌లో ప్రిన్స్‌టన్ నుంచి సీటొస్తే, ఆ తర్వాత కూడా కార్నెల్ రెగ్యులర్ (ఎర్లీ తర్వాత వచ్చే మామూలు రౌండ్) వేస్తావా? వేస్తానంటే ప్రిన్స్‌టన్ ఎర్లీ అంకుల్ కోసం వేస్తున్నట్టే. ఇక్కడ ఈడీ2 (రెండో విడత ఈడీ) లేదు, కాబట్టి సంతకం పెట్టే అవకాశం నవంబర్‌లో ఒక్కసారే. ఈడీలో అవునూ కాదూ అనకుండా డిఫర్ (వాయిదా) చేస్తే అప్లికేషన్ రెగ్యులర్‌లోకి వెళ్తుంది, అప్పుడు కట్టుబాటు ఉండదు. ఏది వేసినా సీఏఎల్ఎస్ ఎస్సేలో ఆ గోంగూర పురుగు కథ రాయమనండి ప్లీజ్.

కుక్ క్యాంపస్:

మన స్టేట్ యూనివర్సిటీ రట్గర్స్ మాటే ఎవరూ ఎత్తరేం? న్యూజెర్సీలో ఉంటూ మొక్కల చదువు కోసం అంత దూరం చూస్తున్నారు! రట్గర్స్ టమాటా అని 1934లో ఇక్కడివాళ్లు తయారుచేసిన రకం ఉంది, విత్తనాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఇన్-స్టేట్ వాళ్లకు హాస్టల్‌తో కలిపినా కార్నెల్ ఖర్చులో సగం కాదు. ఎర్లీ యాక్షన్ (కట్టుబాటు లేని ఎర్లీ) గడువు నవంబర్ 1. కార్నెల్ ఈడీతో పాటు వేసుకోవచ్చు. ప్రిన్స్‌టన్ ఎర్లీ వేస్తే ఇతర ప్రైవేట్ కాలేజీలకు ఎర్లీ వేయకూడదు గానీ, రట్గర్స్ పబ్లిక్ కాబట్టి ఇబ్బంది లేదు. ఒకటి మాత్రం చూసుకోండి: కార్నెల్ జవాబు డిసెంబర్ మధ్యలో వచ్చేస్తుంది, రట్గర్స్ స్కాలర్‌షిప్ సంగతి అప్పటికి తేలదు.

ఎడిసన్ అమ్మ:

వారం తర్వాత వస్తున్నా, ఏమీ అనుకోకండి. పాతకాపు గారూ, తెనాలి దగ్గర స్థలంతో సహా నింపాం. కార్నెల్ అంకె మేం భయపడినదానికన్నా తక్కువే, మోయగలిగినదానికన్నా మాత్రం ఎక్కువ.

ఇథాకా అమ్మాయి చెప్పిన ప్రశ్న అన్నం దగ్గరే అడిగాను. "వేస్తాను" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా ఆయన కంచం తీసుకెళ్లి సింక్‌లో పెట్టేశారు.

ఆ అంకె కూడా దానికి చూపించాం. దాచితే బాగుండదు కదా. కార్నెల్ రెగ్యులర్‌లో వేద్దాం, రట్గర్స్ ఎర్లీ యాక్షన్ వేద్దాం, ఏప్రిల్‌లో ఆఫర్లన్నీ ఒక్కచోట పెట్టుకుని చూద్దాం అన్నాం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు రట్గర్స్‌లో ఆ కుక్ క్యాంపస్ చూపించమంది. శనివారం వెళ్తున్నాం.

ఈలోగా మా ఆయన ఈ థ్రెడ్ చదివారు. "రట్గర్స్‌తో పాటు ప్రిన్స్‌టన్ ఎర్లీ వేయొచ్చట కదా" అని మళ్లీ మొదలుపెట్టారు. వేసుకోండి, ఆ ఎస్సే ఎవరు రాస్తారో మీరూ అదీ తేల్చుకోండి అన్నాను.